వేగపు బంతులు: ఏ కాలమువాడు మిన్న?

క్రికెట్టు ఆడు విద్యార్థులు మమ్ము ఏటేట అడుగు ప్రశ్న యొకటి కలదు. "మాస్టరుగారూ, లార్వుడ్డు వేగము ఎక్కువా, షోయబ్ అఖ్తరు వేగము ఎక్కువా?" ప్రశ్న చిన్నదే. చూచుటకు త్రైరాశికపు లెక్కవలె కనిపించును. కాని ఆ లెక్కకు కావలసిన అంకెలన్నియు ఒకే కొలబద్దతో కొలువబడినవి కావు. కొన్ని అసలు కొలువబడనే లేదు. కావున ఉత్తరము చెప్పుటకు ముందు, బంతి వేగమనగా నేమో, దానిని ఎక్కడ, ఎట్లు కొలుతురో తెలిసికొనవలసియున్నది.

2024వ సంవత్సరము డిసెంబరు 6వ తేదీన అడిలైడు నగరమున ఆస్ట్రేలియాతో జరిగిన టెస్టు పందెములో, మన హైదరాబాదు బౌలరు మహమ్మదు సిరాజు వేసిన ఒక బంతి వేగము గంటకు 181.6 కిలోమీటర్లని తెరమీద కనబడెను. ఇంతవరకు అందరును అంగీకరించిన అత్యధిక వేగము 161.3 కిలోమీటర్లు. దానిని షోయబ్ అఖ్తరు 2003 ఫిబ్రవరి 22వ తేదీన కేప్‌టౌనులో, ప్రపంచకప్పు పోటీలయందు ఇంగ్లండుపై సాధించెను. ఒక్క బంతితో దానిని ఇరువది కిలోమీటర్లు మించుట సంభవమా? కాదు; యంత్రము పొరబడినది. చూచినవారు వెంటనే గ్రహించి నవ్వుకొనిరి. కాని అదే తెర 158 అని తప్పుగా చూపియుండినచో ఎవరు నవ్వియుందురు? నమ్మదగిన తప్పును పట్టుకొనుటయే కష్టము.

ఇక లెక్కకు వత్తము. రెండు వికెట్ల నడుమ దూరము 22 గజములు, అనగా 66 అడుగులు. బౌలరు తన వికెట్టునకు నాలుగడుగుల ముందునుండి బంతిని విడుచును. బ్యాట్స్‌మను తన వికెట్టునకు నాలుగడుగుల ముందు నిలుచును. మిగిలినది 58 అడుగులు, సుమారు 17.7 మీటర్లు. గంటకు 160 కిలోమీటర్లనగా సెకనునకు 44.4 మీటర్లు. మన మార్కాపురపు పలక తీసి భాగించి చూడుడు: సెకనులో పదింట నాలుగు పాళ్లు వచ్చును. 140 కిలోమీటర్ల బంతికి 0.455 సెకను పట్టును. ఈ రెంటికి భేదము సెకనులో ఇరువదవ వంతు కంటె కొంచెము మాత్రమే ఎక్కువ. రెప్పపాటులో సగము కూడ లేని ఈ భేదమును గూర్చియే ఇంత వాదము.

అయితే పై లెక్కలో మనము గాలిని మరచితిమి. బంతి బరువు 160 గ్రాములకు అటునిటు. గాలి దానిని వెనుకకు నెట్టుచునే యుండును. చేతినుండి 160 కిలోమీటర్లతో వెలువడిన బంతి, నేల తాకకయే బ్యాట్స్‌మనును చేరినను, అప్పటికి సుమారు 142 కిలోమీటర్లకు దిగియుండును. నేల తాకినచో ఇంకను తగ్గును. దారి పొడవున సగటు తీసినచో దాదాపు 151 వచ్చును. అనగా ఒకే బంతికి 160, 151, 142 అను మూడు వేగములు! మూడును నిజములే. ఎక్కడ కొలిచితిరని అడుగక, ఎంతయని మాత్రమే అడుగువాడు మోసపోవును.

నేటి రాడారు యంత్రము బంతి చేతిని విడిచిన వెంటనే దాని వేగమును కొలుచును. దాని తత్త్వమును మన పిల్లలు ఎరుగకయే ఎరుగుదురు. గిద్దలూరులోగాని, కంభములోగాని, మార్కాపురము రోడ్డులోగాని స్టేషనువద్ద నిలిచి, ఆగక పోవు రైలు కూత వినుడు. ఎదురుగా వచ్చునప్పుడు కూత సన్నగాను, దాటిపోవునప్పుడు బొంగురుగాను వినబడును. రాడారు పంపు రేడియో తరంగములు ఎదురువచ్చు బంతికి తగిలి, అట్లే మార్పు పొంది తిరిగివచ్చును. ఆ మార్పును బట్టి వేగమును గణింతురు. ఈ యంత్రములు ప్రేక్షకులకు అలవాటైనది 1990ల దశకము చివరనే.

అంతకు పూర్వము కొలువలేదా? కొలిచిరి. 1955లో ఇంగ్లండు బౌలరు ఫ్రాంక్ టైసన్‌ను న్యూజీలండులోని వెల్లింగ్టనునందు పరీక్షింపగా గంటకు 89 మైళ్లు, అనగా 143 కిలోమీటర్లు వచ్చెను. అయితే అది చలి ఉదయమనియు, ఆయన మూడు స్వెట్టరులు తొడుగుకొని, ఒడలు వేడెక్కకమునుపే బంతి విసరెననియు చెప్పుదురు. ఆ అంకెను ఆయన పరమావధిగా నెంచుట న్యాయము కాదు. 1975లో పెర్తు నగరమున విశ్వవిద్యాలయమువారు అతివేగముగ బొమ్మలు తీయు కెమేరాలతో కొలువగా, ఆస్ట్రేలియా బౌలరు జెఫ్ థామ్సన్ వేగము 160.45 అని తేలెను. అదే నగరమున 1978-79లో జరిగిన పోటీలో అదే థామ్సన్‌కు 147.9 మాత్రమే వచ్చినను, అందరికంటె మొదట నిలిచినవాడు ఆయనయే. ఆ రెంటి నడుమ, 1976 డిసెంబరులో, ఆయన క్యాచి పట్టబోయి తోటి ఆటగానితో ఢీకొని భుజము చెడగొట్టుకొనెను. తగ్గినది భుజబలమా, మారినది కొలతయా, లేక రెండునా? మనిషి యొక్కడే అయినప్పుడే ఇంత సందేహమున్నది. మనుషులు వేరు, కాలములు వేరు అయినప్పుడు వేరుగా చెప్పవలెనా?

కొలతలు లేని కాలమునకు సాక్షులే ఆధారము. ఆ సాక్షులలో మన తెలుగువాడొకడు ముఖ్యుడు. నాగపురములో స్థిరపడిన తెలుగు కుటుంబమునందు 1895లో జన్మించిన కొట్టారి కనకయ్య నాయుడు, 1932 జూను 25వ తేదీన లార్డ్సు మైదానమున భారతదేశపు మొదటి టెస్టు పందెమునకు నాయకుడై నిలిచెను. ఆనాడు పంజాబువాడగు మహమ్మదు నిస్సారు, సట్‌క్లిఫ్, హోమ్సు అను ప్రఖ్యాత ఆరంభకుల నిరువురిని బౌల్డు చేసెను. ఇంగ్లండు 19 పరుగులకు మూడు వికెట్లు పోగొట్టుకొనెను. నిస్సారు ఆ ఇన్నింగ్సులో 93 పరుగులిచ్చి ఐదు వికెట్లు తీసెను. ఆటను ఆరంభించుచు వేయు ఓవర్లలో నిస్సారు లార్వుడ్డు కంటె వేగవంతుడని నాయుడుగారి అభిప్రాయము. తనవాడను అభిమానము అందులో కొంత ఉండవచ్చును. అయినను అది ఊరక చూచి చెప్పినవాని మాట కాదు. భారీ షాట్లకు పేరుపొందిన బ్యాట్స్‌మను మాట. దానిని అంకెగా మార్చలేము, త్రోసివేయనులేము.

పాత ఫిల్ములనుండి వేగము కట్టవచ్చును గదా యని తెలివిగల విద్యార్థి అడుగును. ఫిల్ము సెకనునకు 24 బొమ్మలు తీయుననుకొనుడు. గాలిని కూడ లెక్కించినచో, 160 కిలోమీటర్ల బంతి బ్యాట్స్‌మనును చేరులోపల పది బొమ్మలు, 140 బంతికి పదకొండున్నర బొమ్మలు పడును. భేదము ఒకటిన్నర బొమ్మ! ఒక బొమ్మ తప్పు లెక్కించితిమా, నూటికి పదిపాళ్లు తప్పినట్లే. పైగా ఆనాటి కెమేరా సరిగా 24 బొమ్మలే తీసెనని ఎవరు హామీ యిత్తురు? లార్వుడ్డు ఫిల్ములు చూచి ఆనందింపవచ్చును, తూకము వేయరాదు.

మరియొక సంగతి చాలమంది మరతురు. పూర్వపు నియమము ప్రకారము నో-బాలు నిర్ణయము వెనుకపాదమును బట్టి జరిగెడిది. కాలీడ్చుచు వేయువారు రెండు మూడు అడుగులు ముందునకు వచ్చి బంతిని విడువగలిగిరి. 1960ల దశకమున ముందుపాదపు నియమము వచ్చి ఆ సౌకర్యమును తీసివేసెను. 58 అడుగులకు బదులు 55 అడుగులనుండి వచ్చిన 140 కిలోమీటర్ల బంతి, బ్యాట్స్‌మను కంటికి 147 కిలోమీటర్ల బంతియే. శిరస్త్రాణము లేని ఆ కాలమున అది ఎట్టిదో ఊహింపుడు.

ఊహింప నక్కరలేని నగరమొకటి మనకు కలదు. 1962లో వెస్టిండీసు పర్యటనమున బార్బడోసుపై ఆడుచుండగా, గ్రిఫిత్తు బంతి తగిలి మన జట్టు నాయకుడు నారీ కాంట్రాక్టరు పుర్రె చిట్లెను. అటుపిమ్మట మన బ్యాట్స్‌మనులకు వేగము అలవాటు చేయుటకై, 1962-63లో నలుగురు వెస్టిండీసు బౌలరులను పిలిపించి ఒక్కొక్క జట్టునకు ఒక్కొక్కరి నిచ్చిరి. హైదరాబాదునకు వచ్చినవాడు రాయ్ గిల్‌క్రిస్టు. 1958-59లో మన దేశముపై నాలుగు టెస్టులలో 26 వికెట్లు తీసి, తలమీదికి నేరుగా బంతులు విసరినందుకు ఆ పర్యటనమునుండియే ఇంటికి పంపబడినవాడీతడే! భయపెట్టినవానినే గురువుగా తెచ్చుకొనుట మాకు మిక్కిలి తెలివైన పనిగా తోచును. ఈతని వేగమునకు అంకె లేదు. ఆ వేగమెంతయో తెలిసికొనుటకు ఒక దేశపు క్రికెట్టు బోర్డు సముద్రముల కావలినుండి పాఠము తెప్పించుకొనెనన్నదే సాక్ష్యము.

కావున లార్వుడ్డా, అఖ్తరా యని అడిగినచో మేము చెప్పునది ఇది. ఒకే విధముగా కొలువబడిన నేటివారిని అంకెలతో పోల్చవచ్చును. నాటివారిని వారి కాలపు బ్యాట్స్‌మనులతో పోల్చవలెను. ఈ రెంటిని ఒకే పట్టికలో వరుసగా వ్రాయుట తప్పు.

ఈ వాదము వట్టి కాలక్షేపమైనచో ఇంత కాగితము వ్యయపరుపము. మన పల్లెలలో టెన్నిసు బంతితో ఆడు బాలురు తెరమీది అంకెను చూచి, తామును 150 అందుకొనవలెనని భుజమును, నడుమును విరుచుకొనుచున్నారు. ఎదుగుచున్న వయసున అతిగా వేగముగ వేసినచో వెన్నుపూసలలో బీటలు పడుట వైద్యులెరిగిన సంగతియే. సిరాజు కూడ టెన్నిసు బంతితో పెరిగినవాడే; ఆటోడ్రైవరు కుమారుడు. 2023 సెప్టెంబరు 17వ తేదీన కొలంబోలో 21 పరుగులకు ఆరు వికెట్లు తీసినప్పుడు శ్రీలంకను కూల్చినది బంతి వంపు. 2025లో ఇంగ్లండుపై ఐదు టెస్టులును ఆడి 1,113 బంతులు వేసి, ఆగస్టు 4వ తేదీన ఓవల్ మైదానమున చివరి వికెట్టును యార్కరుతో పడగొట్టి ఆరు పరుగుల విజయము తెచ్చినది ఓపిక. ఆయన సాధారణ వేగము 140కి అటునిటే.

అయినను తమ వేగము తెలిసికొనవలెనని కుతూహలముగల వారికి ఒక ఉపాయము చెప్పెదము. చేతి గడియారము పనికిరాదు. మీట నొక్కుటలోనే సెకనులో పదవ వంతు పోవును. సెకనునకు 240 బొమ్మలు తీయు చేతిఫోనును పిచ్చికి ప్రక్కగా, రెండు క్రీజులును కనబడునంత దూరమున, కదలకుండ నిలుపవలెను. బంతి చేతిని విడిచిన బొమ్మనుండి బ్యాట్స్‌మను క్రీజును దాటిన బొమ్మవరకు లెక్కింపవలెను. 153 బొమ్మలు వచ్చినచో సగటు వేగము గంటకు 100 కిలోమీటర్లు. టేపుతో దూరము కొలుచుట మరువరాదు. ఊరి మైదానములలో 22 గజములు అడుగులతో కొలువబడి, తరచుగా 20 గజములే యగుచుండును.