ఒక సారు పుట్టించిన దేవుళ్ళు



ఈసారి గోడపత్రికలో దేవుళ్ళ గూర్చి రాస్తున్నాను. అయితే వీళ్ళు మనం మొక్కే దేవుళ్ళు కారు. వీళ్ళకు ఎక్కడా జాతర లేదు, కొబ్బరికాయ కొట్టేవాళ్ళు లేరు. ఒక్క మనిషి తన ఊహలోంచి ఒక లోకాన్ని పుట్టించి, ఆ లోకానికి దేవుళ్ళను కూడా పుట్టించాడు. ఆయన పేరు టోల్కీన్. ఇంగ్లాండులో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పాత భాషలు చెప్పిన సారు. ఆయన రాసిన లావు పుస్తకం మన ఇంగ్లీషు మేడం దగ్గర ఉన్నది. ఆదివారం బట్టలు ఉతుక్కున్నాక మేడం చదివి అర్థం చెబుతుంటే నేను రఫ్ నోట్సులో రాసుకున్నాను. పేర్లు పలకటానికి నోరు తిరగదు. కానీ మన సైన్సు పుస్తకంలో పేర్ల కంటే నయమే.

ఇది రాయటానికి ఒక కారణం ఉన్నది. ఈ కథ మా గదిలో చెబితే ఒక అక్క, "ఒక మనిషి కూసోని పుట్టిస్తే వాళ్ళు దేవుళ్ళెట్ల అయితరే? అన్నీ అబద్ధాలు" అన్నది. పక్కన ఇంకో అమ్మాయి నన్ను చూసి, "మీ గుట్టల దేవుళ్ళను గూడ గట్లనే ఎవరో పుట్టించి ఉంటరు" అన్నది. అందరూ నవ్విండ్రు. నాకు అప్పుడు జవాబు రాలేదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

ముందు ఆ సారు గూర్చి కొంచెం. ఆయన 1892లో దక్షిణాఫ్రికాలో పుట్టాడు. 4 ఏండ్లప్పుడు తండ్రి పోయాడు, 12 ఏండ్లప్పుడు తల్లి పోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1916లో ఫ్రాన్సులో సోమ్ అనేచోట జరిగిన పెద్ద పోరులో సిపాయిగా ఉన్నాడు. అక్కడ కందకాలలో పేల వల్ల జ్వరం వచ్చి ఇంటికి పంపించేశారు. మన హాస్టల్లో పేలంటే నవ్వుతం గాని, ఆ పేలే ఆయనను బతికించాయేమో అని మేడం అన్నది. మంచం మీద కోలుకుంటూ ఈ కథలు మొదలుపెట్టి 1973లో చనిపోయేదాకా దిద్దుతూనే ఉన్నాడు. పుస్తకం పూర్తి కాలేదు. కొడుకు క్రిస్టఫర్ ఆ కాగితాలన్నీ సర్ది 1977లో 'సిల్మరిలియన్' అనే పేరుతో అచ్చు వేయించాడు. ఉంగరం కథ సినిమాగా 2001 నుండి 2003 వరకు మూడు భాగాలు వచ్చింది కదా, ఆ కథ కంటే ఎన్నో వేల ఏండ్ల ముందు జరిగింది ఈ పుస్తకంలో ఉన్నది.

ఆయనకు ముందు పుట్టింది కథ కాదు, భాష. సొంతంగా భాషలు తయారు చేసుకోవటం ఆయనకు చిన్నప్పటి నుండి అలవాటు. భాష ఉంటే అది మాట్లాడే మనుషులుండాలి, మనుషులుంటే వాళ్ళకు కథలుండాలి, అట్లా లోకం పెరిగింది. తన దేశానికి తనదంటూ పాత పురాణం లేదని ఆయనకు బాధ ఉండేదట. మా కోయోళ్ళకు ఆ బాధ లేదు. భాష ఉన్నది, కథలున్నాయి. రాసిన పుస్తకాలే తక్కువ.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆ లోకంలో అన్నిటికంటే ముందు ఒక్కడే ఉన్నాడు. ఆయన పేరు ఎరూ, అనగా ఒక్కడు అని అర్థం. ఇలూవతార్ అని కూడా అంటారు, అంటే అందరి తండ్రి. ఆయన తన ఆలోచన నుండి ఐనూర్ అనే వాళ్ళను పుట్టించాడు. వాళ్ళకు చేతులు కాళ్ళు లేవు, ప్రాణం మాత్రమే. వాళ్ళకు ఒక రాగం చెప్పి, దానికి మీ సొంతం కొంత కలిపి పాడమన్నాడు. వాళ్ళు పాడిన పాటే తరువాత లోకం అయింది. మట్టి తోనో, గుడ్డు నుండో లోకం పుట్టిన కథలు విన్నాను గాని పాట నుండి పుట్టటం నేను ఇదే వినటం.

ఆ ఐనూర్‌లో అందరికంటే తెలివైనవాడు మెల్కోర్. మిగతా ఒక్కొక్కరికి ఒక్కొక్క విద్య వస్తే, వీనికి అన్నిటిలో కొంత కొంత వచ్చు. వానికి తన సొంతంగా ఏదో పుట్టించాలని ఆశ. అందుకని పాట మధ్యలో వేరే రాగం ఎత్తుకున్నాడు. పొద్దున ప్రార్థనలో అందరం ఒక పాట పాడుతుంటే ఒకరు గొంతు పెంచి వేరేది అందుకుంటే ఎట్లుంటది? పక్కవాళ్ళు తడబడ్డారు. కొందరు పాడటం మానేశారు. కొందరు వాని రాగానికే తిరిగిపోయారు. ఇలూవతార్ మొదటిసారి నవ్వుతూ లేచి కొత్త రాగం ఇచ్చాడు. రెండోసారి ముఖం గంభీరంగా పెట్టి లేచాడు. మూడోసారి లేచినప్పుడు ఆయన ముఖం చూడటానికే భయం వేసింది. అంతకు ముందు రెండు పాటలు ఒకేసారి నడిచాయి. ఒకటి నెమ్మదిగా, దుఃఖంతో కలిసినందుకే అందంగా ఉన్నది. రెండోది ఒకటే మోత, అదే అదే పాడుతుంది. అయితే ఆ మోతలో గట్టిగా వినబడిన ముక్కలను కూడా మొదటి పాట తనలో కలిపేసుకున్నది.

తరువాత ఆ పాట ఏమయిందో ఇలూవతార్ కళ్ళకు చూపించాడు. నీళ్ళ దేవుడు ఉల్మో తన నీళ్ళ వైపు చూసుకున్నాడు. మెల్కోర్ నీళ్ళను పాడు చేద్దామని గడ్డకట్టే చలి పుట్టించాడు, దాంతో మంచుపూలు వచ్చాయి. ఎండగట్టుదామని వేడి పుట్టించాడు, దాంతో మబ్బులు, వాన వచ్చాయి. ఈ ముక్క నాకు మస్తు నచ్చింది. మన దగ్గర మంచు పడదు గాని, ఎండ బాగా కాసిన తరువాతే మబ్బు పట్టటం అందరికీ తెలుసు.

చూపించటం అయిపోయాక ఇలూవతార్ అది నిజంగా ఉండుగాక అన్నాడు, ఉన్నది. ఇష్టమున్నవాళ్ళు కిందికి దిగారు. దిగి చూస్తే ఏమీ లేదు! కొండ లేదు, వాగు లేదు. పాడింది అంతా ఇప్పుడు పని చేసి కట్టాలి. వాళ్ళు లోయ తవ్వితే మెల్కోర్ పూడ్చిండు, కొండ పెడితే కూలగొట్టిండు. పొలంలో అడవిపంది పడ్డట్టే.

ఇట్లా దిగినవాళ్ళలో పెద్దవాళ్ళను వాలార్ అంటారు. 7 మంది మగవాళ్ళు, 7 మంది ఆడవాళ్ళు, మొత్తం 14 మంది. మెల్కోర్‌ను లెక్కలోంచి తీసేశారు. వానికి తరువాత మోర్గోత్ అని పేరు వచ్చింది. అందరి గూర్చి రాస్తే చార్టు సరిపోదు. మాన్వే గాలికి రాజు, ఆయన భార్య వర్దా చుక్కలను చేసింది. ఆమె పక్కన ఉంటే ఆయనకు ఇంకా దూరం కనబడుతుంది, ఆయన పక్కన ఉంటే ఆమెకు ఇంకా దూరం వినబడుతుంది. మాండోస్ చనిపోయినవాళ్ళను చూసుకుంటాడు. ఆయన భార్య వైరే లోకంలో జరిగినదంతా బట్టగా నేస్తుంది. తుల్కాస్ వస్తాదు, కొట్లాటలో కూడా నవ్వుతుంటాడు. ఉల్మోకు ఇల్లూ లేదు భార్యా లేదు, నీళ్ళు ఎక్కడుంటే అక్కడ ఉంటాడు.

నాకు ఇష్టమైన ఆమె నియెన్నా. ఆమె పని ఏడవటం. నవ్వకండి. తనకోసం కాదు, లోకానికి తగిలిన దెబ్బలన్నిటి కోసం ఏడుస్తుంది. ఆమె ఏడుపు వింటే ఓర్చుకోవటం వస్తుందట. సినిమాలో గడ్డం తాత గాండాల్ఫ్ ఉన్నాడు కదా, ఆయన కూడా ఒక చిన్న దేవుడే. పెద్దవాళ్ళకు సాయం చేసే చిన్న దేవుళ్ళను మైయార్ అంటారు. గాండాల్ఫ్ అసలు పేరు ఓలోరిన్. జాలి, ఓపిక ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. ఉంగరం చేసిన సౌరాన్ కూడా మైయార్‌లోనివాడే. అంటే చెడ్డవాడు వేరే జాతి కాదు, అదే బడిలో చదివినవాడు. మెల్కోర్‌ను పట్టుకొని మూడు యుగాలు బంధించాక, వాడు క్షమించమంటే వాని తరఫున కూడా నియెన్నా అడిగింది. మాన్వే విడిచిపెట్టాడు. ఆయనలో చెడు లేదు కనుక ఆయనకు చెడు అర్థం కాదు. రాజుకు ఇది మంచి గుణమా కాదా, నాకైతే ఇంకా తేలలేదు. బయటికి వచ్చిన మెల్కోర్ వెలుగిచ్చే రెండు చెట్లను చంపిండు. చస్తూ ఒక చెట్టు ఇచ్చిన పువ్వు చంద్రుడయింది, ఇంకో చెట్టు ఇచ్చిన పండు సూర్యుడయింది.

ఇంతమంది దేవుళ్ళు ఉన్నా ఆ లోకంలో గుళ్ళు దాదాపు లేవు. న్యూమెనోర్ అనే దీవిలో మనుషులు ఒక కొండ కొన మీద ఎరూకు మొక్కేవాళ్ళు. అక్కడ కప్పు లేదు, గోడ లేదు, విగ్రహం లేదు. సంవత్సరానికి 3 సార్లు రాజు ఒక్కడే మాట్లాడతాడు, మిగతావాళ్ళు నోరు మెదపరు. తరువాతి కాలంలో ఆ రాజులకు చావంటే భయం పట్టుకున్నది. సౌరాన్ అక్కడికి బందీగా వచ్చి, మెల్లగా మంత్రి అయ్యి, మోర్గోత్‌ను కొలిస్తే చావు ఉండదని చెప్పిండు. 500 అడుగుల వెడల్పు, 500 అడుగుల ఎత్తు గుడి కట్టించిండు. అందులో మొదట కాల్చింది వాళ్ళ తెల్ల చెట్టును, ఆ తరువాత మనుషులను. చివరికి ఆ దీవి సముద్రంలో మునిగింది.

గుడి కట్టడం తప్పని నేను అనటం లేదు. కప్పు లేని మొక్కుబడి నాకు వెంటనే అర్థమైంది అని చెబుతున్నాను. మేడారంలో మా సమ్మక్క తల్లికి విగ్రహం లేదు. రెండేండ్లకొకసారి మాఘ పున్నమికి చిలకలగుట్ట నుండి కుంకుమ భరిణెగా వస్తది. కన్నెపల్లి నుండి సారలమ్మ వస్తది. ఇక ఆ అమ్మాయికి నా జవాబు ఇది. టోల్కీన్ తన దేవుళ్ళకు మొక్కమని ఎవరికీ చెప్పలేదు. అది కథ అని పుస్తకం మీద తన పేరు రాసుకున్నాడు. తాను మాత్రం చర్చికి పోయే కాథలిక్కు. సమ్మక్క కథ మీద ఎవరి పేరూ లేదు. కాకతీయులకు ఎదురు నిలిచి పోరాడిన మనిషి అని మా పెద్దలు చెబుతరు. ఎన్ని నోళ్ళు మారి నా దాకా వచ్చిందో లెక్క లేదు. ఒకరు కూసోని పుట్టించింది, అందరూ మోసుకొచ్చింది ఒకటి కావు. అట్లని మొదటిది అబద్ధమని కూడా నేను అనను. దానిలో ఒక కథ విన్నాక నేను మా ఊరి చెట్టు ఒకటి గుర్తు చేసుకున్నాను.

మా ఊరికి బాట వెడల్పు చేసినప్పుడు ఒక ఇప్పచెట్టును, దాని పక్కన నల్లమద్ది చెట్టును కొట్టిండ్రు. ఇప్పచెట్టు పడ్డప్పుడు మా నాయనమ్మ ఏడ్చింది, ఊరంతా వచ్చి నిలబడ్డది. ఇప్పపువ్వు పోయింది కదా. నల్లమద్ది పడ్డప్పుడు ఎవ్వరూ రాలేదు. నేను కూడా పోలేదు.

వాలార్‌లో ఔలే కమ్మరి దేవుడు. ఆయన భార్య యవన్నా చెట్లకు, జంతువులకు తల్లి. ఇలూవతార్ పుట్టించబోయే మనుషులు ఎప్పుడొస్తారో అని ఔలేకు తొందర. తన పని నేర్పటానికి పిల్లలు కావాలి. అందుకని కొండ లోపల చాటుగా 7 మంది మరుగుజ్జులను తయారు చేసిండు. ఇలూవతార్ చూసి, నీవు తలచినప్పుడే వీళ్ళు కదులుతారు, నీకు ధ్యాస లేకపోతే బొమ్మలే కదా అని అడిగిండు. ఔలే సిగ్గుపడి, తండ్రి పని చూసి పిల్లలు ఆడుకున్నట్టు చేసిన గాని నీ మీద పోటీకి కాదని చెప్పి, ఏడ్చుకుంటూ వాళ్ళను పగలగొట్టటానికి సుత్తె ఎత్తిండు. సుత్తె చూసి మరుగుజ్జులు జడుసుకొని వంగిపోయిండ్రు. బొమ్మలైతే జడుసుకోవు. ఇలూవతార్ అప్పటికే వాళ్ళకు ప్రాణం ఇచ్చిండు. మెల్కోర్ కూడా సొంతంగా చేయాలనే అనుకున్నాడు, ఔలే కూడా అదే అనుకున్నాడు. కానీ ఔలే చేసినదాన్ని ఇచ్చేసిండు.

ఈ సంగతి ఔలే చెప్పగానే యవన్నాకు దిగులు పట్టుకున్నది. వాళ్ళు ఇనుము మనుషులు, నా చెట్లను కొడతారు అన్నది. పోయి మాన్వే దగ్గర మొరపెట్టుకున్నది. జంతువులైతే ఉరుకుతాయి, కొమ్ములతో పొడుస్తాయి. చెట్టు ఎక్కడికి పోతది? పెరగటానికి ఎన్నో ఏండ్లు, పడటానికి ఒక్క పూట. పండ్లు ఇయ్యకపోతే దాని కోసం ఏడ్చేవాళ్ళు కూడా తక్కువ. వేర్లు ఉన్నవాటి తరఫున చెట్లే మాట్లాడితే బాగుండు అని ఆమె మొర.

మేడం ఈ ముక్క చదివినప్పుడు నేను నోట్సు మూసేసిన.

మాన్వే కళ్ళు మూసుకొని మొదటి పాటను మళ్ళీ విన్నాడు. యవన్నా కోరింది కూడా ఆ పాటలో ముందే ఉన్నది, ఎవరూ గమనించలేదు. అడవులలో చెట్ల కాపరులు తిరుగుతారు అని చెప్పాడు. సినిమాలో నడిచే చెట్లు వస్తాయి కదా, ఎంట్‌లు, వాళ్ళే. అక్కడ కొలిమి పొయ్యిల కోసం అడవి నరికించిన సారుమాన్ కూడా ఒకప్పుడు ఔలే శిష్యుడే. వాని కోట గోడలను చేతులతో పీకింది వీళ్ళే.

యవన్నా సంతోషంతో ఇంటికి వచ్చింది. ఔలే కొలిమి దగ్గర ఉన్నాడు. ఇకనుండి నీ పిల్లలను జాగ్రత్తగా ఉండమను, నా అడవిలో కాపలా ఉంటది అన్నది. అయినా వాళ్ళకు కట్టెలు కావలసిందే కదా అని ఔలే తన పని తాను చేసుకున్నాడు.