జాతకాలతో పాటు రక్తం కూడా చూద్దాం

"మేనరికమేగా, కొత్తగా వాకబు చేసేదేముంది? పిల్లాణ్ణి చిన్నప్పట్నుంచీ ఎరుగుదుం!" మనవైపు పెళ్ళిమాటలు చాలా ఇళ్ళల్లో ఇలాగే మొదలవుతాయి. జాతకాలు కుదిరాయా, కట్నకానుకల మాటేమిటి, ముహూర్తం ఎప్పుడు... అన్నీ చూస్తాం. రక్తం సంగతి మాత్రం ఎవరికీ గుర్తురాదు.

ఇంట్లో ఇంటర్ బైపీసీ చదివే అమ్మాయి ఉంటే ఒకసారి ఆమె పుస్తకం తిరగేయండి. నాలుగు గళ్ళ బొమ్మ ఒకటి కనిపిస్తుంది. బఠాణీ మొక్కలమీద ప్రయోగాలు చేసి మెండెల్ 1866లో ప్రచురించిన లెక్కలే దానికి ఆధారం. పిల్లలు మార్కుల కోసం బట్టీ పట్టే ఆ నాలుగు గళ్ళు మన సంసారాలకు సంబంధించినవే!

మన ఒంట్లోని దాదాపు ప్రతి కణంలోనూ 23 జతల క్రోమోజోములుంటాయి. ప్రతి జతలో ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. వాటిమీద ఉండే జన్యువుల్ని వంట చేసే పద్ధతి రాసిపెట్టుకున్న చీటీలనుకోండి. రక్తానికి ఎర్రరంగునిచ్చే హిమోగ్లోబిన్ తయారీకి అవసరమైన ఒక చీటీ 11వ క్రోమోజోము మీద ఉంటుంది. అమ్మవైపుది ఒకటి, నాన్నవైపుది ఒకటి. రెంటిలో ఒకటి చెడినా రెండోదానితో పని గడిచిపోతుంది. అలాంటివాళ్ళను థలసీమియా వాహకులంటారు. మామూలుగా తిరుగుతుంటారు, కాస్త రక్తం తక్కువంటారు, అంతే.

రెండు చీటీలూ చెడినవే బిడ్డకు వస్తేనే కష్టం. ఆరు నెలలు దాటి రెండేళ్ళు వచ్చేలోగా పసివాడు పాలిపోవడం మొదలవుతుంది. ఇక రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. అలా ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని తీసెయ్యడానికి మళ్ళీ మందులు.

తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. "మొదటివాడికి వచ్చిందిగా, ఇక తర్వాత ముగ్గురికీ రాదులే" అనుకోవడం పొరపాటు. గవ్వలు కిందటిసారి ఎలా పడ్డాయో గుర్తుపెట్టుకోవు కదా! ప్రతి కాన్పూ కొత్త ఆటే.

ఇంకో మాట. ఇలాంటి బిడ్డ పుడితే "కోడలి కడుపు మంచిది కాదు" అనేవాళ్ళున్నారు. బిడ్డకు రెండు చెడ్డ చీటీలు చేరాలంటే ఒకటి తల్లి నుంచీ, ఒకటి తండ్రి నుంచీ రావాలి. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఉంటే గింటే ఇద్దరికీ సమానమే.

మరి మేనరికం సంగతి? మేనత్త, మేనమామ పిల్లలకు జన్యువుల్లో సుమారు ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామకూ మేనకోడలికీ అయితే నాలుగో వంతు. ఒక తాతగారి చెడ్డ చీటీ ఇద్దరికీ చేరే వీలు అక్కడ ఎక్కువ. అలాగని బయటి సంబంధమైతే భయం లేదనీ చెప్పలేం.

దీనికి మార్గం కష్టమైనదేం కాదు. ముందు మామూలు రక్తపరీక్ష, అనుమానముంటే హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే పరీక్ష. ఇనుము మాత్రలు ఎంతకాలం మింగినా రక్తం పట్టనివాళ్ళు డాక్టర్ని అడిగి తప్పక చేయించుకోవాలి. ఇద్దరూ వాహకులని తేలినంత మాత్రాన పెళ్ళి మానుకోమని కాదు. గర్భం వచ్చాక 11వ వారం దాటగానే బిడ్డ పరిస్థితి తెలుసుకునే పరీక్ష ఉంది. అందుకే నెల తప్పిన తొలిరోజుల్లోనే డాక్టరుకు ఈ సంగతి చెప్పాలి.

ఈసారి పెళ్ళిమాటలకు వెళ్ళేటప్పుడు జాతకం కాగితం పక్కనే ఆ రిపోర్టు కూడా పెట్టుకెళ్దాం. ముందుగా అడగాల్సింది అబ్బాయి తరఫువాళ్ళా, అమ్మాయి తరఫువాళ్ళా అన్న పంతం వద్దు. మన రిపోర్టు మనమే ముందు చూపిస్తే సరి!