ఆటలో విమానం, ఆకాశంలో విమానం

రెండవ ప్రపంచ యుద్ధం నేపథ్యంగా కంప్యూటర్‌పై ఆడే వ్యూహక్రీడలు మీలో చాలామందికి పరిచయమే. ఆటలో క్యాలెండర్ ఫలానా నెలకు చేరగానే ఒక కొత్త యుద్ధవిమానం 'అందుబాటులోకి' వస్తుంది. తయారు చేయమని ఆజ్ఞాపిస్తే చాలు, కోరిన చోటికి పంపవచ్చు. ఆనాడు నిజంగా ఇలాగే జరిగిందా? అసలు ఒక విమానం అందుబాటులో ఉండటం అంటే ఏమిటి?

బ్రిటన్ తయారు చేసిన స్పిట్‌ఫైర్‌ను తీసుకుందాం. దాని నమూనా మొదటిసారి ఎగిరింది 1936 మార్చి 5న. వైమానిక దళంలోని ఒక స్క్వాడ్రన్‌కు అది అందింది 1938 ఆగస్టులో. కోడిగుడ్డు ఆకారంలో వంపు తిరిగిన దాని రెక్కలను పెద్ద సంఖ్యలో తయారు చేయడం కర్మాగారాలకు అంత తేలిక కాలేదు. కాబట్టి తొలిసారి ఎగిరిన తేదీ వేరు, సైన్యం చేతికి వచ్చిన తేదీ వేరు.

పోనీ, 1938 నుంచి అది అన్నిచోట్లా ఉన్నట్టేనా? 1942 ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబోపై దాడి చేశాయి. అక్కడ వాటిని ఎదుర్కొన్నవి హరికేన్ విమానాలు. మరునాడే, ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన జపాన్ విమానాలు మన విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. స్పిట్‌ఫైర్ సైన్యంలో చేరి అప్పటికి మూడున్నరేళ్లు దాటింది. అయినా భారతదేశంలో ఒక్క స్పిట్‌ఫైర్ స్క్వాడ్రన్ కూడా లేదు. బ్రిటన్, మాల్టాల రక్షణకే మొదటి ప్రాధాన్యం దక్కింది. ఇక్కడ అవి పోరులోకి దిగింది 1943 చివరి నెలల్లోనే.

ఇక జర్మనీ జెట్ విమానం మెస్సర్‌ష్మిట్ 262 సంగతి చూద్దాం. అది జెట్ ఇంజన్లతో మొదట ఎగిరింది 1942 జులై 18న. యుద్ధంలో కనిపించింది 1944లో. ఆలస్యానికి ముఖ్య కారణం ఇంజనే. ఎర్రగా కాలే వాయువుల మధ్య టర్బైన్ రెక్కలు అతివేగంగా తిరగాలి. అంత వేడిలో మామూలు ఉక్కు మెత్తబడి క్రమంగా సాగుతుంది. దీన్ని తట్టుకునే మిశ్రమలోహాలకు నికెల్, క్రోమియం కావాలి. అవి జర్మనీలో కరువు. ప్రత్యామ్నాయ లోహాలతో చేసిన యూమో 004 ఇంజన్ ఆయుష్షు సుమారు 10 నుంచి 25 గంటలు. గంట చొప్పున ఎగిరినా, ఎక్కువలో ఎక్కువ పాతిక ప్రయాణాలకే రెండు ఇంజన్లనూ మార్చవలసిందే! మొత్తం 1,400కు పైగా విమానాలు తయారైనా, ఇంధనం, విడిభాగాలు, శిక్షణ పొందిన పైలట్లు చాలక యుద్ధానికి వెళ్లినవి వాటిలో కొద్ది భాగమే.

ఆట కూడా ఒక నమూనాయే. ప్రతి నమూనా కొన్ని విషయాలను వదిలేస్తుంది, లేకపోతే ఆట సాగదు. అయితే ఏది వదిలేశారో మనకు తెలిసి ఉండాలి. ఈసారి తెరపై కొత్త విమానం కనిపించినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఆ తేదీ తొలిసారి ఎగిరినదా, సైన్యంలో చేరినదా? ఏ రంగంలో? లెక్కలో ఉన్నవాటిలో ఎగరగలిగేవి ఎన్ని? వాటికి ఇంధనమూ, నడిపేవారూ ఉన్నారా?

'ఇంత మంచి విమానం ఉండి కూడా ఎందుకు వాడలేదు?' అని ఆనాటివారిని నిందించే ముందు ఈ ప్రశ్నలకు జవాబులు వెతకాలి.