పరీక్షకు ముందు పరీక్ష

— తృతీయ బి.ఎస్సీ. (గణితం, స్టాటిస్టిక్స్) విద్యార్థి

నారుమడి పోసే ముందు మా ఇంట్లో ఏటా ఒక తంతు జరుగుతుంది. నాన్న విత్తనపు బస్తాలోంచి వంద వడ్లగింజలు లెక్కపెట్టి తీస్తాడు. తడిపిన గోనెగుడ్డ మీద వాటిని వరసగా పేర్చి, చుట్టచుట్టి, నీడన పెట్టి, ఎండిపోకుండా నీళ్ళు చిలకరిస్తుంటాడు. నాలుగైదు రోజుల తరువాత విప్పి మొలకలు లెక్క చూస్తాడు. ఎనభైకి తగ్గకుండా మొలిస్తే సరే. తగ్గితే ఆ వడ్లు మడికి పోవు, మరకి పోతాయి. సర్కారువారి విత్తన ధ్రువీకరణ ప్రమాణం కూడా వరికి 80 శాతమే.

ఇందులో రెండు జాగ్రత్తలున్నాయి. గింజలన్నీ బస్తా మూతి దగ్గరే తీయకూడదు. నేలకు ఆనిన అడుగుభాగానికి చెమ్మ తగిలి వుండవచ్చు. పైన, మధ్యన, అడుగున మూడుచోట్లా తీయాలి. రెండవది, ఒకసారి మొలిచిన గింజలనే మళ్ళీ లెక్కపెట్టుకొని "నూటికి నూరు" అని మురిసిపోకూడదు. ఆ మాట ఎవరైనా అంటే మా ఊళ్ళో నవ్విపోతారు.

అయితే ఇదే పొరపాటు పుస్తకాల దగ్గర చేస్తే ఎవరూ నవ్వరు, పైపెచ్చు మెచ్చుకుంటారు. మా ఇంట్లో అది జరిగింది. మెచ్చుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఏమిటా పరీక్ష?

రష్యా, కిర్గిజ్‌స్తాన్, చైనా, ఫిలిప్పీన్స్, జార్జియా వంటి దేశాలకు వెళ్ళి వైద్యవిద్య చదువుతున్న తెలుగు పిల్లలు చాలామంది వున్నారు. మన జిల్లాల్లో ఒకరిద్దరైనా లేని మండలం వుండదేమో. ఒకటి రెండు మినహాయింపులు తప్ప, అలా చదివి వచ్చినవారు ఇక్కడ డాక్టరుగా రిజిస్టరు కావాలంటే ఎఫ్.ఎం.జి.ఇ. అనే పరీక్ష గట్టెక్కాలి. ఇది 2002 నుంచి వున్నది. నేషనల్ బోర్డ్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ వారు సంవత్సరానికి రెండు విడతలుగా, జూన్ విడత, డిసెంబరు విడత అని, నడుపుతారు.

ప్రశ్నలు 300. రెండు భాగాలు, భాగానికి 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు. అంటే ప్రశ్నకు ఒక్క నిమిషం. ఇచ్చిన జవాబుల్లో సరైనది గుర్తించాలి. తప్పుకు మార్కు కోత లేదు. 150 వస్తే పాసు, 149 వస్తే ఫెయిలు. 300లో 100 ప్రశ్నలు అనాటమీ, ఫిజియాలజీ, పాథాలజీ వంటి మొదటి సంవత్సరాల సబ్జెక్టులవి. మిగతా 200 మెడిసిన్, సర్జరీ, ప్రసూతి, పిల్లల వైద్యం, సామాజిక వైద్యం వగైరా.

చూడటానికి సగం మార్కులే. కాని 2024 డిసెంబరు విడతలో రాసినవారిలో నూటికి 30 మంది కంటే తక్కువే పాసయ్యారు. 2025 జూన్ విడతలో ఆ అంకె నూటికి 19కి కూడా చేరలేదు.

186 నుంచి 141కి

మాది కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువ చివరి ఊరు. మా పెదనాన్న కొడుకు కిర్గిజ్‌స్తాన్‌లో చదివి వచ్చాడు. చదువుకు ఒక ఎకరం అమ్మారు, మిగిలిన దాని మీద అప్పు తెచ్చారు. అన్నయ్య హైదరాబాదులో గది తీసుకొని కోచింగులో చేరాడు. అక్కడ 'గ్రాండ్ టెస్టు' అని అచ్చం అసలు పరీక్షలాగే 300 ప్రశ్నల పరీక్ష పెడతారు. మొదటిదాంట్లో 128 వచ్చాయి. తరువాత 149, 163, 178, చివరికి 186.

పెదనాన్న ఆ అంకెలు కాగితం మీద రాయించుకొని నాకు చూపించి, "ఏరా అబ్బాయ్, నువ్వు లెక్కలవాడివి కదా, ఏమంటావు?" అని అడిగాడు. "ఇంకేం పెదనాన్నా, నూటికి నూరు పాసు" అన్నాను. ఆయన ఆ సాయంత్రం అప్పిచ్చినాయన దగ్గరికి వెళ్ళి, "ఇంక ఆరునెలలు ఆగండి, వాడు ఉద్యోగంలో చేరతాడు" అని చెప్పి వచ్చాడు.

ఫలితం వచ్చింది. 141.

ఆ తరువాత నెలరోజులు అన్నయ్య ఇంట్లోంచి బయటికి రాలేదు. నాకు మాత్రం ఆ 186 ఎక్కడినుంచి వచ్చిందా అన్న ఆలోచన వదల్లేదు. సెలవులకు వెళ్ళినప్పుడు ఇద్దరం కూర్చొని పాత పేపర్లన్నీ ముందేసుకున్నాం. మూడు సంగతులు బయటపడ్డాయి.

ఒకటి. గ్రాండ్ టెస్టుల్లోని ప్రశ్నలు చాలావరకు అన్నయ్య రోజూ చదివే ప్రశ్నల పుస్తకంలోనివే. చివరి రెండు పేపర్లయితే అంతకుముందు రాసినవాటినే కొద్దిగా అటూ ఇటూ మార్చి ఇచ్చినవి. జబ్బు లక్షణాలు పూర్తిగా చదవకముందే జవాబు గుర్తొచ్చేది. అంటే లెక్కపెట్టింది ఒకసారి మొలిచిన గింజలనే.

రెండు. రాసిన పద్ధతి. గదిలో కూర్చొని, మధ్యలో టీ తాగి, ఫోను మాట్లాడి, మిగిలిన భాగం మర్నాడు రాసిన రోజులున్నాయి. అసలు పరీక్షలో ఒకే రోజు అయిదు గంటలు గడియారంతో పరుగెత్తాలి.

మూడు. సరైన జవాబుల్లో నిజంగా తెలిసినవెన్ని, తగిలినవెన్ని అని ఎప్పుడూ విడదీసి చూసుకోలేదు.

మార్కుల్లో అదృష్టం పాలు ఎంత?

ఈ మూడో సంగతిని లెక్కగా చూద్దాం. ప్రశ్నకు నాలుగు జవాబులనుకోండి. ఒక విద్యార్థికి 100 ప్రశ్నలే తెలుసు, మిగతా 200 కళ్ళు మూసుకొని గుర్తించాడు. నాలుగింట ఒకటి చొప్పున 50 తగులుతాయి. మొత్తం 150, పాసు మార్కు! మూడింట ఒక వంతు తెలిసినవాడు సరిగ్గా గట్టు మీద నిలబడతాడన్నమాట. ఏ పక్కకు పడతాడన్నది వాడి చేతిలో లేదు.

ఇంకొక లెక్క. 300 నాణేలు ఎగరేస్తే సగటున 150 బొమ్మలు పడతాయి. కాని ప్రతిసారీ 150 పడవు. మన క్లాసులో చెప్పిన ప్రామాణిక విచలనం సూత్రం ప్రకారం ఇక్కడ ఆ విలువ సుమారు 8.7. కాబట్టి ఇరవైసార్లలో పంతొమ్మిదిసార్లు 133కీ 167కీ మధ్య పడతాయి. సగం తెలిసిన విద్యార్థి స్థితి కూడా దాదాపు ఇదే. చదువు ఒక్క అక్షరం పెరగకుండానే ఒకనాడు 140, ఇంకొకనాడు 160 రావచ్చు. 140 చూసి కుంగిపోవటం, 160 చూసి గంతులేయటం రెండూ తప్పే.

పరీక్ష చిన్నదయ్యేకొద్దీ ఈ ఊగులాట పెరుగుతుంది. 50 ప్రశ్నల టెస్టులో 30 వచ్చాయంటే అరవై శాతం అని సంబరపడతాం. కాని ఆ 30కి అటు 7, ఇటు 7 తేడా వుండవచ్చు. అసలు సత్తా 46 శాతం కావచ్చు, 74 శాతం కావచ్చు. 46 అయితే ఫెయిలు. అందుకే విత్తన పరీక్షా కేంద్రాల్లో పది గింజలతో తేల్చరు, వందేసి చొప్పున నాలుగుసార్లు 400 గింజలు మొలకెత్తించి చూస్తారు.

సబ్జెక్టులవారీగా చూసుకొనేటప్పుడూ ఇది గుర్తుంచుకోవాలి. సైకియాట్రీకి 5 ప్రశ్నలే వుంటాయి. అందులో రెండే వచ్చాయని సైకియాట్రీ మీద పడి వారం రోజులు చదవటం దండగ. సామాజిక వైద్యానికి 30 వుంటాయి. అన్నయ్యకు ప్రతి పేపరులోనూ అందులో పది పదకొండే వస్తున్నాయి. అది గాలివాటం కాదు, నిజమైన లోటు. మన దేశపు టీకాల పట్టిక, క్షయ నిర్మూలన కార్యక్రమం పరాయి దేశపు కాలేజీలో ఎవరు చెబుతారు?

ఎరువు వేరు, మొలక లెక్క వేరు

అయితే అభ్యాస పరీక్షలు వృథా అంటున్నానా? కాదు. వాటికి రెండు పనులున్నాయి. ఒకటి నేర్పటం, రెండవది కొలవటం.

నేర్పే గుణం గట్టిదే. 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక పాఠం చదివాక కొందరిచేత దాన్నే మళ్ళీ చదివించారు, కొందరిచేత పుస్తకం మూసి గుర్తున్నది రాయించారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే మళ్ళీ చదివినవారే మెరుగు. వారం తరువాత అడిగితే తారుమారయింది. మళ్ళీ చదివినవారికి 42 శాతం గుర్తుంటే, రాసినవారికి 56 శాతం గుర్తున్నది. కాబట్టి నేర్చుకోవటానికి ఎన్ని టెస్టులు రాసినా మంచిదే, ఒకే పేపరు నాలుగుసార్లు రాసినా మంచిదే. అది పొలానికి ఎరువు.

కొలవటానికి మాత్రం ఒక పేపరు ఒక్కసారే పనికి వస్తుంది. రాసి, జవాబులు చూసుకున్న క్షణంనుంచి అది కొలత కాదు, పాఠం. ఈ రెండు పనులనూ కలిపేయటమే మేం చేసిన తప్పు. అమెరికాలో లైసెన్సు పరీక్షకు ప్రశ్నలు తయారుచేసే ఎన్.బి.ఎం.ఇ. సంస్థ తానే విడిగా స్వీయపరీక్షా పత్రాలు అమ్ముతుంది. రాసినవారికి పాసయ్యే అవకాశం ఎంతో కూడా అంచనా కట్టి చెబుతుంది. మన పిల్లలు ఎక్కువగా ఆధారపడేది కోచింగ్ సంస్థల పేపర్ల మీద. వాటిలో కొన్ని తేలిక, కొన్ని కష్టం. కనుక ఆ కొలతను మనమే జాగ్రత్తగా చేసుకోవాలి.

మేం పెట్టుకున్న నియమాలు

అన్నయ్య స్నేహితుడి దగ్గర వేరే సంస్థ పేపర్లు నాలుగు దొరికాయి. వాటిని అన్నయ్య విప్పి చూడలేదు. పెద్దమ్మ బీరువాలో పెట్టి తాళం వేసింది. నియమాలు ఇవి:

1. పరీక్షకు రెండు నెలల ముందు ఒకటి, ఆ తరువాత రెండు వారాలకు ఒకటి. మిగతావి దాచాలి.

2. ఉదయం ఒక భాగం, మధ్యాహ్నం ఒక భాగం. గడియారం పెట్టాలి. ఫోను పెద్దమ్మ కొంగున వుండాలి.

3. ప్రతి జవాబు పక్కన ఒక అక్షరం వేయాలి. తెలిసి పెట్టినదానికి 'తె', అనుమానంతో పెట్టినదానికి 'అ', గుడ్డిగా పెట్టినదానికి 'గు'. దిద్దేటప్పుడు మూడింటికీ వేరువేరుగా లెక్క కట్టాలి. 'తె' అని రాసి తప్పయినవి అన్నిటికన్నా ప్రమాదం. వాటిని ముందు చదవాలి.

4. ఒక్క పేపరు చూసి నిర్ణయం చేయకూడదు. రెండు కొత్త పేపర్ల సగటు తీయాలి.

ఆ సగటుకు అర్థమేమిటో సుమారుగా లెక్క కట్టాను. పేపర్లు అసలుదానంత కష్టమే అనుకుంటే, సగటు 150 అయితే పాసూ ఫెయిలూ సమానం. 160 అయితే ఆరుగురిలో ఒకరు ఫెయిలవుతారు. 170 దాటితే నూటికి ఇద్దరు ముగ్గురే.

పెదనాన్న తీర్పు

మొదటి పేపరులో 147 వచ్చాయి. అందులో 'తె' కింద సరైనవి 96 మాత్రమే. రెండవదాంట్లో 153. సగటు సరిగ్గా 150.

జూన్ విడత నెలన్నరలో వున్నది. రాస్తే సగం ఆశ. రాయకపోతే ఇంకొక ఆరునెలలు, గది అద్దె, వడ్డీ. పెద్దమ్మ, "ఏమో, అదృష్టం ఎవరు చూడొచ్చారు, రాయనీయండి" అన్నది. అన్నయ్యకు ఇంకొకసారి ఫెయిలయి ఊళ్ళో తిరిగే ధైర్యం లేదు. నన్ను అడిగితే ఈసారి నేను నోరు మెదపలేదు. గోనెగుడ్డలో గింజల సంగతి మాత్రం చెప్పి, ఆ అంకెలు పెదనాన్న ముందు పెట్టాను.

ఆయన చాలాసేపు కాగితం వంక చూశాడు. "మొలక యాభై అంటున్నారు. ఆ వడ్లు నేనైతే మడిలో చల్లను. మొలవని విత్తనం చల్లి వానని తిట్టుకోవటం ఎందుకురా?" అన్నాడు. మర్నాడు అప్పిచ్చినాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో మాకెవరికీ చెప్పలేదు.

అన్నయ్య జూన్ వదిలేశాడు. ఆ ఆరునెలలు ముఖ్యంగా సామాజిక వైద్యం, ప్రసూతి చదివాడు. డిసెంబరు విడత ముందు బీరువాలోని మిగతా రెండు పేపర్లు రాశాడు. 169, 174. అసలు పరీక్షలో 166 వచ్చాయి. మా సగటుకు అయిదారు మార్కులు తక్కువే. కాని ఆ తగ్గుదలకు చోటు ముందే వుంచుకున్నాం.

ఇప్పుడు ఒక సర్కారు ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాడు. మొన్న ఫోనులో ఒక మాట అన్నాడు: "పేషెంటు ముందు నిలబడినప్పుడు 'గు' అని రాసుకోవటానికి వీల్లేదురా." ఆ పరీక్ష ఎందుకు పెట్టారో నాకు అప్పుడు ఇంకొంచెం బాగా అర్థమయింది.

అమ్మిన ఎకరం తిరిగి రాలేదు. పోయిన ఏడాదీ తిరిగి రాలేదు. మన కాలేజీలోనూ ప్రీఫైనల్ మార్కులు చూసి ధీమా పడేవాళ్ళం, బ్యాంకు పరీక్షలకనీ గ్రూపు పరీక్షలకనీ ఒకే మోడల్ పేపరు పదిసార్లు దిద్దేవాళ్ళం చాలామందిమి వున్నాం. పదిసార్లు దిద్దండి, తప్పులేదు. కాని మీ సత్తా ఎంతో తెలుసుకోదలచిననాడు మాత్రం ఇంతవరకు విప్పని పేపరు ఒకటి తీయండి. బస్తా అడుగున చెయ్యి పెట్టి తీసిన గింజే నిజం చెబుతుంది.