చదరపు అడుగుకు ఎంత అని అడిగితే

ఇల్లు కట్టించేవాళ్ల నోట మొదట వచ్చే ప్రశ్న "చదరపు అడుగుకు ఎంత?" అన్నదే. హైదరాబాద్ పొలిమేరల్లో, శంకర్‌పల్లి, మొయినాబాద్, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్ పెరట్లో స్విమ్మింగ్ పూల్ కట్టించాలనుకునేవాళ్లూ ఈ ప్రశ్నతోనే మొదలుపెడతారు. ముగ్గురు కాంట్రాక్టర్లను పిలుస్తారు. ముగ్గురూ తలో అంకె చెబుతారు. చిన్న అంకె చెప్పినవాడితో బేరం మొదలవుతుంది. ఇంటి విషయంలో ఈ పద్ధతి కొంతవరకు నడుస్తుంది, గది ఎత్తు ఎక్కడైనా దాదాపు ఒకటే కాబట్టి. కొలను దగ్గర ఆ వెసులుబాటు లేదు. నిలిచిన నీటి ఒత్తిడి లోతును బట్టి పెరుగుతుంది. గోడ మీద పడే మొత్తం తోపు లోతు వర్గాన్ని బట్టి, గోడను మొదలు దగ్గర విరిచేయాలని చూసే వంపు భారం లోతు ఘనాన్ని బట్టి పెరుగుతాయి. 1.2 మీటర్ల లోతును 1.8 మీటర్లు చేస్తే పెరిగిన లోతు ఒకటిన్నర రెట్లే, గోడ మొదట్లో పడే వంపు భారం మాత్రం సుమారు 3.4 రెట్లు. పైనుంచి కొలిస్తే రెండు కొలనులకూ చదరపు అడుగులు ఒక్కటే. కాబట్టి చదరపు అడుగు రేటు చెప్పిన కాంట్రాక్టరు అబద్ధం చెప్పకపోవచ్చు గానీ, మనకు అక్కరకొచ్చే నిజం మాత్రం ఏదీ చెప్పినట్టు కాదు.

ప్రభుత్వ పనుల్లో ఇలా జరగదు. శాఖ ఇంజనీరు ముందే అంచనా వేసి మట్టి ఎంత, కాంక్రీటు ఎంత, ఇనుము ఎంత అని పరిమాణాలు రాసి ఇస్తాడు. కాంట్రాక్టర్లు ఆ అంచనా మీద ఇంత శాతం లెస్ అనో ఎక్సెస్ అనో టెండరు వేస్తారు. అందరూ ఒకే పనికి ధర చెబుతున్నారు గనుక తక్కువ అన్న మాటకు అక్కడ అర్థం ఉంటుంది. (ఆ పనులన్నీ నిక్కచ్చిగా సాగుతాయని కాదు, పోలిక పద్ధతి గురించే ఇక్కడ మాట.) సొంత పనికి వచ్చేసరికి యజమాని స్థలం చూపించి ఊరుకుంటాడు. ఎంత సరుకు పెట్టాలో, ఏ రేటుకు పెట్టాలో రెండూ కాంట్రాక్టరే నిర్ణయిస్తాడు. అప్పుడు చేతికొచ్చే మూడు కాగితాలు మూడు వేర్వేరు కొలనులకు రాసినవి. వాటిని ఒకే కొలనుకు రాసినవిగా మార్చుకున్నాకే ధరలు చూడాలన్నది ఈ వ్యాసం వాదన. ఆ మార్చుకోవడానికి కొలబద్ద నీటి దగ్గరే దొరుకుతుంది. నీళ్లు గోడను నెడతాయి, సందు దొరికితే కారిపోతాయి, నేల కింద ఉంటే కొలనునే పైకి ఎత్తుతాయి, గొట్టంలో తిప్పితే కరెంటు తింటాయి. ఈ నాలుగింటికీ ఎవరు ఏం సమాధానం రాశారో చూస్తే కొటేషన్ గుట్టు తెలిసిపోతుంది.

ఒక మాదిరి కొలను తీసుకుందాం. పొడవు 8 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, లోతు అంతటా 1.4 మీటర్లు. పట్టే నీళ్లు సుమారు 45 వేల లీటర్లు, అంటే 45 టన్నులు. నిండుగా ఉన్నప్పుడు ప్రతి మీటరు పొడవు గోడనూ దాదాపు ఒక టన్ను బలం బయటికి నెడుతుంది. ఖాళీ చేసినప్పుడు బయటి మట్టి లోపలికి నెడుతుంది. బలం రెండు వైపుల నుంచీ వస్తుంది గనుక గోడలో కమ్మీల జాలీ రెండు వరసలుగా కట్టడం మేలు. ఇప్పుడు ఒక కొటేషన్‌లో 8 ఎంఎం కమ్మీ 8 అంగుళాలకు ఒకటి చొప్పున అని, ఇంకో దాంట్లో 10 ఎంఎం కమ్మీ 6 అంగుళాలకు ఒకటి అని ఉందనుకోండి. చదివేవాడికి పెద్ద తేడా తోచదు. సైటు మీద ప్రతి మేస్త్రీకీ తెలిసిన సూత్రం ఒకటుంది: కమ్మీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. దాని ప్రకారం 8 ఎంఎం మీటరుకు 0.395 కిలో, 10 ఎంఎం 0.617 కిలో. అడుగు, గోడలు కలిపి ఈ కొలనుకు ఉన్న సుమారు 66 చదరపు మీటర్లలో అడ్డం, నిలువు, రెండు వరసలు లెక్కగడితే మొదటి పద్ధతికి 510 కిలోల ఇనుము, రెండో పద్ధతికి 1,060 కిలోలు. సగానికి సగం తేడా! కిలో 65 రూపాయలనుకుంటే ఈ తేడా ఖరీదు 36 వేలు. కొలను మొత్తం ఖర్చులో అది చిన్న ముక్క, గోడ బలంలో మాత్రం సగం. కొటేషన్‌లో "స్టీలు తగినంత" అని రాసినవాడు ఈ రెంటిలో దేనికి ధర చెప్పాడో అతనికే తెలియాలి.

నీళ్లు కారే సంగతి ఇంకా సూక్ష్మమైనది. ద్రవాలు నిలవ చేసే కాంక్రీటు కట్టడాలకు మన దేశంలో ఐఎస్ 3370 అనే ప్రమాణం ఉంది. ఇనుము వేసిన కాంక్రీటు ఎం30 గ్రేడుకు తగ్గకూడదని, సిమెంటు బరువులో నీళ్లు 0.45 వంతు దాటకూడదని 2009లో సవరించిన ఆ ప్రమాణం చెప్పింది. మామూలు ఇళ్ల శ్లాబులకు చెల్లిపోయే ఎం20 ఇక్కడ చాలదు. కారణం బలం ఒక్కటే అనుకోకూడదు. సిమెంటు గట్టిపడటానికి కావలసినవి పోగా మిగిలిన నీళ్లు కాంక్రీటులో సన్నని దారులు మిగిల్చి వెళ్తాయి. నీటి పాలు 0.45 ఉంటే, తడి ఆరనివ్వకుండా క్యూరింగ్ చేస్తే, ఆ దారులు సుమారు వారం రోజుల్లో పూడుకుపోతాయి. 0.6 దగ్గర ఆరు నెలలు పడుతుంది. 0.7 దాటితే ఎన్నాళ్లు తడిపినా పూడవు. యాభై కిలోల సిమెంటు బస్తాకు 0.45 అంటే 22.5 లీటర్ల నీళ్లు. మాల్ జారుగా లేదని కూలీ మరో పది లీటర్ల బకెట్ కుమ్మరిస్తే పాలు 0.65కు చేరుతుంది. కొలను తలరాత మార్చడానికి ఆ ఒక్క బకెట్ చాలు. "ఇంపోర్టెడ్ వాటర్‌ప్రూఫింగ్, పదేళ్ల గ్యారంటీ" అన్న వాక్యం కొటేషన్లలో ముద్దుగా, లావు అక్షరాల్లో కనిపిస్తుంది. పూత మంచిదే. కాకపోతే అది రెండో కాపలాదారు. మొదటివాడైన కాంక్రీటు గ్రేడు, నీటి పాలు, క్యూరింగ్ రోజుల సంఖ్య ఏ వరుసలో రాశారో వెతకాలి. రెడీమిక్స్ తెప్పిస్తారా, సైటు మీద కలుపుతారా అన్నది కూడా ఆ వరుసలోనే ఉండాలి.

నేల దగ్గరకొస్తే కొటేషన్ భాష మారిపోతుంది. అంకెలు పోయి షరతులు వస్తాయి. "రాయి తగిలితే అదనం." హైదరాబాద్ కూర్చున్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద. ఒకచోట ఆరడుగుల మొరం ఉంటే పక్క ప్లాటులో రెండడుగులకే షీట్ రాక్ తగలవచ్చు. అదనం న్యాయమే, కానీ ఘనపు మీటరుకు ఎంత అదనమో రాయకపోతే అది సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కు. నల్లరేగడి నేలల్లో చిక్కు వేరు. ఆ మట్టి వానలకు ఉబ్బుతుంది, ఎండలకు బీటలు వారుతుంది. దాన్ని కొంత లోతు తీసేసి మొరం నింపి గట్టిపరచే పని కొటేషన్‌లో ఉందా లేదా అన్నదే అక్కడ అసలు తేడా. ఇక గోదావరి, కృష్ణా డెల్టాల్లో, చెరువు దిగువ భూముల్లో ఆర్కిమిడీస్ వచ్చి కూర్చుంటాడు. మన మాదిరి కొలనుకు గోడ, అడుగు ఎనిమిది అంగుళాల మందం అనుకుంటే కాంక్రీటు బరువు దాదాపు 36 టన్నులు. వానాకాలంలో భూగర్భజలం కొలను అడుగుకు ఒక మీటరు పైదాకా లేస్తే, అది పైకి నెట్టే బలం సుమారు 37 టన్నులు. నిండుగా ఉన్నప్పుడు లోపలి 45 టన్నుల నీళ్లు దాన్ని అణచి ఉంచుతాయి. శుభ్రం చేద్దామని ఆ సమయంలో ఖాళీ చేస్తే కొలను పడవలా తేలాలని చూస్తుంది, తేలకపోతే పగులుతుంది. అచ్చుపోసి తెచ్చి గుంటలో దించే ఫైబర్‌గ్లాస్ కొలనులు మరీ తేలిక గనుక వాటికి ఈ ముప్పు ఎక్కువ. ఈ ఒత్తిడిని విడిచిపెట్టే వాల్వు, అడుగున కంకర పొర, నీటిని తోడే గుంట ఖరీదు పెద్దదేమీ కాదు. అవి కొటేషన్‌లో లేకపోవడమే ఖరీదైనది.

గొట్టాలు, పంపు మాటకొస్తే మనకు బోరు మోటారు అలవాటు తప్పుదారి పట్టిస్తుంది. హార్స్‌పవర్ ఎక్కువైతే మంచిదనుకుంటాం. బోరు మోటారు నీళ్లను పాతాళం నుంచి పై ట్యాంకుకు ఎత్తాలి. కొలను పంపు ఎత్తేదేమీ లేదు, తీసిన నీళ్లను తిరిగి అదే మట్టానికి వదులుతుంది. దాని శ్రమంతా గొట్టాల, ఫిల్టరు రాపిడితోనే. ఆ రాపిడి గొట్టం వ్యాసం దాదాపు అయిదో ఘాతాన్ని బట్టి తగ్గుతుంది. 50 ఎంఎం గొట్టం బదులు 63 ఎంఎం వేస్తే అదే ప్రవాహానికి రాపిడి మూడో వంతుకు పడిపోతుంది. పంపు వేగాన్ని సగం చేస్తే ప్రవాహం సగమవుతుంది, విద్యుత్తు ఎనిమిదో వంతు అవుతుంది. రెట్టింపు సేపు నడిపి అన్ని నీళ్లూ తిప్పినా ఖర్చయ్యే కరెంటు నాలుగో వంతే. మోటారు సామర్థ్యం తగ్గడం వల్ల ఆచరణలో లాభం కొంత కరిగినా, మిగిలేది తక్కువేమీ కాదు. ఒకటిన్నర హార్స్‌పవర్ పంపు రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే తక్కువలో తక్కువ 9 యూనిట్లు, ఏడాదికి 3,300 యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకుంటే పదేళ్లకు 3 లక్షల 30 వేలు. సన్న గొట్టం, పెద్ద పంపు పెట్టి కొటేషన్‌లో ముప్పై వేలు తగ్గించినవాడు ఆ డబ్బు మన కరెంటు బిల్లులోకి బదిలీ చేశాడు, అంతే. డబ్బుతో తూచలేని వరుస ఒకటి కూడా ఇక్కడే ఉంది. అడుగున నీళ్లు పీల్చే డ్రెయిన్ ఒక్కటే పెడితే, దాన్ని పిల్లల ఒళ్లు మూసేసినప్పుడు పంపు బలమంతా అక్కడే పడుతుంది. అమెరికాలో ఒక బాలిక అలా చనిపోయాక 2007లో ఏకంగా చట్టమే వచ్చింది. దూరం దూరంగా రెండు డ్రెయిన్లు, మూసుకుపోని మూతలు లేని కొటేషన్‌ను ధర చూడకుండానే పక్కన పెట్టవచ్చు.

"మొత్తానికి ఇంత అని లంప్‌సమ్ మాట్లాడుకుంటే నష్టం కాంట్రాక్టరుదే కదా, ఈ లెక్కలన్నీ మనకెందుకు?" అని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. దీనికి జవాబు చమురు బావుల దగ్గర దొరికింది. మెక్సికో సింధుశాఖలో చమురు లీజులకు వేలం పాడిన కంపెనీలు ఎందుకు నష్టపోతున్నాయో 1971లో కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్ అనే ముగ్గురు ఇంజనీర్లు ఒక వ్యాసంలో వివరించారు. చమురు ఎంతుందో ఎవరికీ కచ్చితంగా తెలియనప్పుడు, అందరికంటే ఎక్కువగా పొరబడి ఎక్కువ అంచనా వేసినవాడికే వేలం దక్కుతుంది. మన దగ్గర ఇది తిరగేసి వర్తిస్తుంది. పని ఖర్చును అందరికంటే తక్కువగా పొరబడినవాడికే పని దక్కుతుంది. గుంట తవ్వాక పొరపాటు తెలిసిన కాంట్రాక్టరు చేతి నుంచి పెట్టుకుని పూర్తిచేస్తాడనుకోవడం మన ఆశ. అతనికి మూడు దారులు కనిపిస్తాయి: అదనం అడగడం, కనపడని చోట సరుకు తగ్గించడం, పని మధ్యలో వదిలేయడం. కాంక్రీటు పోశాక కనపడని చోట్లు కొలనులో చాలా ఉంటాయి.

అలాగని ఎక్కువ ధర చెప్పినవాడు మంచివాడని తేల్చడం అంతే తొందరపాటు. అవసరం లేని పన్నెండంగుళాల గోడ, పెద్ద పంపు, పేరున్న విదేశీ ఫిల్టరు కూడా కొటేషన్‌ను లావు చేస్తాయి. పెద్ద పంపును చిన్న ఫిల్టరుకు తగిలిస్తే నీళ్లు ఫిల్టరులోని ఇసుకలోంచి మరీ వేగంగా దూసుకుపోయి మురికి సరిగా ఆగదు. మరి మేం ఇంజనీర్లం కాదే అంటారా, పైన చేసిన లెక్కలన్నీ హైస్కూలు లెక్కలే. అదీ కుదరకపోతే ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు చేత డ్రాయింగు, కమ్మీల పట్టిక గీయించి ముగ్గురికీ అదే కాగితం ఇచ్చి రేట్లు అడగవచ్చు. ఆయన ఫీజు ఎక్కువనిపిస్తే, ముందు చెప్పిన ఇనుము తేడాతో పోల్చి చూసుకోండి. జీఎస్టీ కలిపి చెప్పారా, విడిగానా అన్నది మాత్రం అందరినీ ఒకే మాటగా అడగాలి. 18 శాతం అంటే మూడు కొటేషన్ల వరుస తలకిందులు కావడానికి చాలు.

డబ్బు ఎప్పుడు ఇవ్వాలన్నది కూడా పోలికలో భాగమే. అడ్వాన్సు సగం అడిగినవాడికీ, దశలవారీగా అడిగినవాడికీ కాగితం మీద ధర ఒకటే అయినా మన పట్టు ఒకటి కాదు. ఆ దశల్లో ఒకదాన్ని నీటి పరీక్షకు ముడిపెట్టాలి. టైల్స్ అతికించకముందే కొలను నింపి, కాంక్రీటు పీల్చుకోవడానికి వారం వదిలి, మరో వారం పాటు నీటి మట్టం గీత పెట్టి చూడాలి. ఎండకు ఆవిరయ్యేదెంతో తెలియడానికి మెట్టు మీద ఒక బకెట్ నీళ్లు పెడతారు. రెండింటిలోనూ మట్టం సమానంగా దిగితే ఎండ తాగింది, కొలనులో ఎక్కువ దిగితే మట్టి తాగింది. ఈ పరీక్షకు అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది కావాలి. ఆ తొమ్మిది ట్యాంకర్ల డబ్బు ఎవరు పెట్టుకోవాలో మూడు కొటేషన్లలో ఎన్నింటిలో రాసి ఉందో చూడండి.