బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పితే...

స్టూవర్టుపురం అనగానే చాలామందికి సినిమాలే గుర్తొస్తాయి. 1991లో చిరంజీవి పోలీసు కథ, 2023లో టైగర్ నాగేశ్వరరావు కథ. బాపట్ల-చీరాల దారిలో రైలు దిగి ఊళ్లోకి నడిస్తే అవేవీ కనిపించవు. 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా ఎరుకల కుటుంబాల కోసం వెలసిన సెటిల్‌మెంటు ఇది. నాటి మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. ఆ కుటుంబాల మీద నేరస్థులన్న ముద్ర వేసిన చట్టం 1952లో రద్దయింది. ఆ కథలు బోలెడంతమంది చెప్పారు, తీశారు. ఈ వారం మన కబురు మాత్రం దొంగల గురించి కాదు... కిరాణా కొట్టు గురించి!

ఈ ఊళ్లోనే కాదు, బాపట్లలో, రేపల్లెలో, తెనాలి సందుల్లో ఏ చిన్న కొట్టు ముందు నిలబడినా ఒకటే దృశ్యం. గుమ్మానికి తోరణాల్లా వేలాడే రంగురంగుల ప్యాకెట్లు. గల్లాపెట్టె పక్కన సీసాల్లో చాక్లెట్లు, జెల్లీలు. వెనక అరలో వరసగా గ్లూకోజ్, మేరీ, క్రీమ్, డైజెస్టివ్, ఈమధ్య కొత్తగా రాగి, ఓట్స్, మల్టీగ్రెయిన్ బిస్కెట్లు. బడి వదిలాక అయిదు రూపాయల బిళ్ల పట్టుకుని వచ్చే పిల్లాడి చూపు ఎటు పోతుందో చెప్పాలా? మెరిసే కాగితం ఎటుంటే అటు!

అసలు బిస్కెట్ అంటే మనకు చిరుతిండి ఒక్కటే కాదు. చుట్టాలింటికి వెళ్తే చేతిలో ప్యాకెట్. ఆస్పత్రిలో ఎవరినైనా చూడ్డానికి వెళ్తే ప్యాకెట్. జ్వరమొస్తే బ్రెడ్డూ, బిస్కెట్టూ. పొద్దున్నే పనికెళ్లే అమ్మకు టిఫిన్ చేసే తీరిక లేకపోతే టీలో నాలుగు బిస్కెట్లు. చివరికి పళ్లు కూడా రాని పసివాడికి పాలల్లో నానబెట్టి పెట్టేదీ అదే. అందుకే ఏది కొంటున్నామన్నది చిన్న విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో సగానికి మించి రక్తహీనత ఉంది. బుజ్జి పొట్టలో పట్టేదే కాస్త. ఆ కాస్తా మైదాతో, పంచదారతో నిండిపోతే ఇనుము, కాల్షియం, మాంసకృత్తులు ఎక్కడ ఇమడాలి?

ముందు చూడాల్సింది వెనక!

ప్యాకెట్ ముందు వైపు ఉండేవి బొమ్మలు. గోధుమ కంకులు, పాలధార, తేనె చుక్క. అసలు సంగతి వెనక ఉంటుంది. అక్కడ దినుసుల పట్టీని బరువు ప్రకారం రాయాలన్నది నిబంధన. ఎక్కువ వేసింది ముందు, తక్కువ వేసింది చివర. కాబట్టి మొదటి మూడు పేర్లు చదివితే ముప్పాతిక కథ తెలిసిపోతుంది. చాలా బిస్కెట్లలో ఆ మూడూ మైదా, పంచదార, పామాయిలే.

‘రిఫైన్డ్ వీట్ ఫ్లోర్’ అని చూసి గోధుమపిండి అనుకునేవాళ్లున్నారు. అది మైదాకే పెట్టిన పెద్దింటి పేరు! గోధుమపిండి అయితే ‘ఆటా’ అనో, ‘హోల్ వీట్ ఫ్లోర్’ అనో ఉంటుంది. పంచదారకూ మారుపేర్లు చాలానే ఉన్నాయి. ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్, డెక్స్ట్రోజ్... అన్నీ ఒక తానులో ముక్కలే. వాటిని విడివిడిగా రాస్తే పట్టీలో ఒక్కొక్కటీ కిందికి జారిపోతుంది. అన్నీ కూడితే మాత్రం మైదాకు పోటీ వస్తాయి.

ఆ తర్వాత అంకెల గడి. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. కొన్ని ప్యాకెట్ల మీద ‘ఒక సర్వింగ్‌కు’ అన్న లెక్కే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సర్వింగ్ అంటే రెండు బిస్కెట్లట! రెండు తిని ఆపే పిల్లాణ్ని ఎవరైనా చూశారా? అందుకని వంద గ్రాముల గడినే చూడాలి. రెండు ప్యాకెట్లు పక్కపక్కన పెట్టి పోల్చడానికి అదే దారి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు పంచదార నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో అయిదు శాతం మించొద్దంటున్నాయి. రెండు వేల కేలరీలు తినే పెద్దవాళ్లకు అది 25 గ్రాములు, అంటే అయిదు చెంచాలు. పిల్లలకు ఇంకా తక్కువ. ఇక బిస్కెట్ల సంగతి చూద్దాం. క్రీమ్ బిస్కెట్లలో చాలావాటికి వంద గ్రాములకు 30 నుంచి 40 గ్రాముల పంచదార ఉంటుంది. గ్లూకోజ్ రకాల్లో పాతిక గ్రాములకు అటూ ఇటూ. మేరీలో ఇంకాస్త తక్కువ. అరవై గ్రాముల క్రీమ్ ప్యాకెట్ ఒకటి ఊదేస్తే నాలుగు చెంచాల పంచదార లోపలికి పోయినట్టే. పొద్దుటి పాలల్లో వేసింది, మధ్యాహ్నం కూల్‌డ్రింకు, సాయంత్రం చాక్లెట్టు... అవన్నీ దీనికి అదనం.

రాగి బిస్కెట్లో రాగులెన్ని?

ఈ ప్రశ్న మాకు భలే ఇష్టం. ఎందుకంటే దీనికి జవాబు ప్యాకెట్ మీదే ఉంటుంది. ఏ దినుసునైతే గొప్పగా చెప్పుకుంటున్నారో అది ఎంత శాతం ఉందో రాయాల్సిందేనని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన. ‘రాగి’ అన్న పెద్దక్షరాలు చూసి మురిసిపోకుండా దినుసుల పట్టీలో దాని పక్కనున్న అంకె వెతకండి. ఉదాహరణకు 15 శాతం ఉందనుకుందాం. నాలుగు బిస్కెట్లు ముప్ఫై గ్రాములైతే అందులో రాగిపిండి నాలుగున్నర గ్రాములు. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది కాబట్టి ఆ నాలుగు బిస్కెట్లలో రాగుల వల్ల వచ్చేది 16 మిల్లీగ్రాములు. అదే ముప్ఫై గ్రాముల పిండితో గిన్నెడు జావ కాస్తే వందకు పైనే! మరి బిస్కెట్ రాగిదా, రాగి పేరుదా?

అలాగని అన్నీ అంతే అనుకోవద్దు. రాగిపిండో, గోధుమపిండో మొదటి స్థానంలో ఉండి, పంచదార మూడో నాలుగో స్థానానికి దిగిన రకాలూ దొరుకుతున్నాయి. వందకు మూడు గ్రాముల పీచు ఉంటేనే ‘పీచు లభిస్తుంది’ అని, ఆరు గ్రాములుంటేనే ‘పీచు అధికం’ అని చెప్పుకోవాలి. ఆ అంకెలు గుర్తుపెట్టుకుంటే డైజెస్టివ్ బిస్కెట్లనూ తూచవచ్చు. వాటిలో పీచు కాస్త ఎక్కువే కానీ కొవ్వు కూడా వందకు ఇరవై గ్రాముల దాకా ఉంటుంది. పేరులో అరుగుదల ఉంది కదాని అరడజను లాగించడం కుదరదు. ‘షుగర్ ఫ్రీ’ సంగతీ అంతే. పంచదార లేకపోయినా మైదా, నూనె ఎక్కడికీ పోవు.

నూనె విషయంలో మాత్రం కాస్త ఊరట. 2022 జనవరి నుంచి నూనెలు, వనస్పతి, వాటితో చేసిన తినుబండారాల్లో ట్రాన్స్ కొవ్వు రెండు శాతం మించకూడదు. అయితే పామాయిల్‌లోని సంతృప్త కొవ్వుకు ఇది వర్తించదు. దానికి వేరే గడి ఉంటుంది, అదీ చూడాల్సిందే.

తెలుగులో రాయరేం?

ఇంతా చెప్పాం కానీ అసలు చిక్కు ఇక్కడుంది. లేబుల్ ఇంగ్లిషులో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉంటే చాలు. తెలుగు తప్పనిసరి కాదు. రైతుబజారులో కూరగాయలు బేరమాడి, తూకంలో తేడా కనిపెట్టే ఆవిడ కూడా బిస్కెట్ ప్యాకెట్ దగ్గరికి వచ్చేసరికి చదువు రానిదైపోతుంది. చీమతలంత అక్షరాలు, అవీ పరాయి భాషలో! చిలీ దేశంలో 2016 నుంచి పంచదార, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న ప్యాకెట్ల ముందువైపే నల్లటి ఎనిమిది పలకల గుర్తులు వేస్తున్నారు. మన దగ్గర 2022లో స్టార్ల రేటింగు ముసాయిదా వచ్చింది. స్టార్లా, హెచ్చరికలా అన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. స్టార్లు చూస్తే ఎంత చెత్త తిండికైనా ఏదో ఒక మెచ్చుకోలు దక్కినట్టుంటుంది. నల్లగుర్తే మేలని మా అభిప్రాయం.

అది వచ్చేదాకా? అంకెలకు భాష అక్కర్లేదు. ఇంట్లో ఆరో తరగతి చదివే అమ్మాయి ఉంటే ‘షుగర్’, ‘ప్రొటీన్’, ‘ఫైబర్’ అన్న మూడు మాటలు వెతికి పెట్టమనండి. పిల్లలకు అదో ఆట. ఏ ప్యాకెట్లో షుగర్ అంకె చిన్నదో, ప్రొటీన్ అంకె పెద్దదో వాళ్లే పోటీపడి చెబుతారు.

ఇంకో సంగతి. వంద చదరపు సెంటీమీటర్లు మించని బుల్లి ప్యాకెట్ల మీద దినుసులు, పోషకాల పట్టిక లేకపోయినా ఫర్వాలేదని నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. ఆ వివరాలు వాటిని తెచ్చిన పెద్ద డబ్బా మీద ఉంటాయి. అంటే రూపాయికీ, రెండు రూపాయలకీ పిల్లలు ఎక్కువగా కొనే వాటి గుట్టు కొట్టాయన దగ్గరే ఉండిపోతుందన్నమాట. అడిగితే డబ్బా చూపిస్తారు. మొహమాటం దేనికి?

మన చిక్కీ ఏం తక్కువ?

ఒక్కసారి కళ్లు పక్క అర వైపు తిప్పండి. పల్లీ చిక్కీ, నువ్వుల ఉండలు, పప్పుండలు, సున్నుండలు. బాపట్ల, చీరాల తీరంలో ఇసుక నేలల వేరుశనగ మనకు కొత్త కాదు. పక్కనే వేటపాలెం జీడిపప్పుకు పెట్టింది పేరు. జీడిపప్పు పాకం అందరికీ అందుబాటు ధర కాదు కానీ, పల్లీలకు ఆ బాధ లేదు. వంద గ్రాముల పల్లీల్లో 23 గ్రాములకు పైగా మాంసకృత్తులుంటాయి. పల్లీలు అరవై పాళ్లు, బెల్లం నలభై పాళ్లు వేసిన చిక్కీలో వందకు 14 గ్రాముల దాకా వస్తాయి. మామూలు బిస్కెట్లలో అది ఆరేడు గ్రాములే. నువ్వుల్లో అయితే కాల్షియం వందకు వెయ్యి మిల్లీగ్రాముల పైమాటే. బడుల్లో మధ్యాహ్న భోజనంతో పాటు 2020లో వేరుశనగ చిక్కీ, 2023లో రాగిజావ చేర్చింది ఊరికే కాదు.

కాకపోతే చిక్కీకీ దండం పెట్టేసి ఊరుకోలేం. నలభై పాళ్లు బెల్లమంటే తీపి తక్కువేం కాదు. బెల్లంలో కాస్త ఇనుము ఉన్న మాట నిజమే కానీ ఒంట్లో అది చేసే పని చాలావరకు పంచదారదే. షుగరు వ్యాధి ఉన్నవాళ్లకు ‘బెల్లంది కదా, ఏం కాదులే’ అని పెట్టడం ప్రేమే కానీ మేలు కాదు. పిల్లలకైనా పాతిక గ్రాముల పలక ఒకటి చాలు. తిన్నాక నోరు పుక్కిలించాలి, పాకం పళ్ల సందుల్లో పట్టేస్తుంది. కొనేటప్పుడు పల్లీలు దండిగా కనిపిస్తున్నాయా, పాకమే మెరుస్తోందా చూడండి. అద్దంలా తళతళలాడితే చాలాసార్లు అది లిక్విడ్ గ్లూకోజ్ మహిమ. పాత నూనె వాసన వచ్చినా, పల్లీ మీద బూజు కనిపించినా తినకండి. బూజు పట్టిన వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. వేయించినా అది పూర్తిగా పోదు.

చిక్కీ అయినా, బిస్కెట్ అయినా టీతో మాత్రం వద్దు. టీలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. చిక్కీ తిన్నాక ఓ జామకాయ కొరికితే అందులోని సి విటమిన్ ఇనుము పట్టడానికి సాయం చేస్తుంది. మన పెరట్లో కాసేదే కదా!

రెండేళ్లలోపు పసివాళ్ల సంగతి వేరు. ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా తీపి ఎక్కువున్న తిండి పెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. పాలల్లో నానబెట్టిన బిస్కెట్ మెత్తగా ఉంటుంది, గబగబా మింగేస్తారు, అమ్మకు పని తేలిక. కానీ ఆ తీపి మరిగిన నాలుకకు పప్పన్నం చప్పగా తోస్తుంది. అదే తీరికలో మెత్తటి పప్పన్నంలో కాస్త నెయ్యి, లేదా చిదిమిన అరటిపండు, లేదా పల్చటి రాగిజావ పెట్టొచ్చు. పల్లీలు, చిక్కీ ముక్కలు మాత్రం చిన్నపిల్లల చేతికివ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. వేయించి మెత్తగా పొడిచేసి జావలో కలిపితే భయం ఉండదు.

ధర మాటేమిటంటారా? 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. అయితే ‘అయిదు రూపాయల ప్యాకెట్’ అన్నది ధరే కానీ బరువు కాదు. ఏళ్ల తరబడి ధర అలాగే ఉంచి లోపల బిస్కెట్లు తగ్గిస్తూ వచ్చిన సంగతి పిల్లలకూ తెలుసు. ఎమ్మార్పీ పక్కనే గ్రాముకు ఎంత పడుతుందో కూడా వేస్తారు. ఆ అంకెతో ఆడంబరమైన కుకీల డబ్బానూ, పల్లీ చిక్కీనీ పోల్చి చూడండి. మాంసకృత్తుల లెక్కన చూస్తే ఏది చవకో అక్కడే తేలిపోతుంది.

విడిగా అమ్మే మిఠాయిలకూ ఒక సదుపాయం ఉంది. మిఠాయి దుకాణాల్లో ట్రేల దగ్గర ఎప్పటిలోగా తినాలో తేదీ రాయాలన్న నిబంధన 2020 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. తెనాలిలోనో, చీరాలలోనో పండక్కి కొనేటప్పుడు ఆ చీటీ లేకపోతే అడగండి. ఇక ఈసారి చుట్టాలింటికి వెళ్లేటప్పుడు క్రీమ్ బిస్కెట్లకు బదులు ఓ అరకిలో నువ్వుల ఉండలు కట్టించుకెళ్తే, పెద్దవాళ్లు ‘ఇవి తిని ఎన్నాళ్లయిందో’ అంటూ పిల్లల కంటే ముందే డబ్బా మూత తీసేస్తారు. పిల్లలకు నాలుగు దాచి ఉంచమని మాత్రం ముందే చెప్పండి.