ఆ అదనపు ఐదు లక్షలు దేనికి?

సొంతిల్లు అనే మాటకు తెలుగువాళ్ళ దగ్గర ఆస్తి కన్నా మర్యాద అనే అర్థమే ఎక్కువ. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి ఉద్యోగం గురించి అడిగాక వచ్చే రెండో ప్రశ్న అదే. ముప్ఫై అయిదు దాటిన ఉద్యోగి ఇంకా అద్దెకుంటున్నాడంటే బంధువుల్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "నెలనెలా అంత అద్దె నీళ్ళలో పోసే బదులు అదే డబ్బు బ్యాంకుకు కడితే ఇల్లు నీదైపోతుంది కదా!" ఈ సలహాలో ప్రేమ ఉంది, లెక్క లేదు. అద్దెలు తక్కువేమీ కావు, ఏటా పెరుగుతూనే ఉన్నాయి. అయినా హైదరాబాద్‌లో ఇవాళ ఒక ఫ్లాటుకు కట్టే అద్దెకూ, అదే ఫ్లాటు కొంటే కట్టాల్సిన వాయిదాకూ పొంతన లేదు. రెండోది మొదటిదానికి రెట్టింపు దాటిపోయింది. ఇంత తేడా ఉన్నా జనం అప్పు చేసి మరీ కొంటున్నారు. వాళ్ళకు లెక్కలు రాక కాదు. ఆ తేడాతో వాళ్ళు ఇంకేదో కొనుక్కుంటున్నారు. అదేమిటో తెలియాలంటే ముందు తేడా ఎంతో తేల్చాలి.

కోటి రూపాయల ఫ్లాటునే తీసుకుందాం. మియాపూర్, కొండాపూర్, నల్లగండ్ల లాంటి చోట్ల ఇల్లు వెతుక్కునే ఉద్యోగులకు ఇప్పుడు కోటి అనేది వినగానే ఉలిక్కిపడే ధరేమీ కాదు. మన నగరాల్లో ఏడాది అద్దె ఇంటి ధరలో మూడు శాతానికి అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి దీని అద్దె నెలకు 27 వేలు అనుకోవచ్చు. అదే కొనాలంటే రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 75 లక్షల వరకు రుణం దొరుకుతుంది, మిగతా 25 లక్షలు చేతి నుంచి పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు దీనికి అదనం. తెలంగాణలో 2021 జూలైలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 6 శాతం నుంచి 7.5 శాతానికి పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ మొత్తం అంతే. కోటికి ఏడున్నర లక్షలు. ఇంత ఖరీదైన ఇంటికి బ్యాంకు రుణం లెక్కగట్టేటప్పుడు ఈ ఖర్చును ధరలో కలపదు. కట్టుబడిలో ఉన్న ఫ్లాటైతే 5 శాతం జీఎస్‌టీ కూడా పడుతుంది, తాళాలు చేతికొచ్చేదాకా ఒక చేత్తో అద్దె, మరో చేత్తో వడ్డీ కట్టాలి. ఆ భారం లేని, పూర్తయిన ఇల్లే అనుకుందాం. చేతి నుంచి పోయింది 32.5 లక్షలు. మిగతా 75 లక్షలకు 8 శాతం వడ్డీ మీద ఇరవై ఏళ్ళపాటు నెలకు సుమారు 62,700 కట్టాలి. అప్పు తీరేనాటికి కట్టిన వడ్డీ ఒక్కటే 75.5 లక్షలు, అంటే తెచ్చిన అసలంత.

వాయిదా కట్టేవాళ్ళు తామేదో కూడబెడుతున్నామనే అనుకుంటారు. మొదటి ఏడాది వాళ్ళు కట్టే ఏడున్నర లక్షల్లో అసలుకు చేరేది లక్షన్నర పైచిలుకు మాత్రమే, దాదాపు ఆరు లక్షలు వడ్డీకే పోతాయి. వడ్డీ కూడా అద్దే. ఇంటి యజమానికి కాకుండా డబ్బు యజమానికి కడుతున్నాం, అంతే తేడా. అద్దె నీళ్ళపాలైతే ఈ ఆరు లక్షలూ ఆ నీళ్ళలోనే పడ్డాయి. చేతి నుంచి పెట్టిన 32.5 లక్షలు బ్యాంకులో వేసుకుంటే 7 శాతం చొప్పున ఏడాదికి రెండు లక్షల పాతిక వేలకు పైగా వచ్చేది, అది రాకుండా పోయింది. రెండూ కలిపితే 8.2 లక్షలు. అదే ఇంట్లో అద్దెకుంటే ఏడాదికి అయ్యేది 3.24 లక్షలు. తేడా అయిదు లక్షలకు కాస్త తక్కువ, ఆస్తి పన్ను, మరమ్మతులు కలిపితే అయిదూ నిండుతుంది. కాబట్టి ఈ కోటి రూపాయల ఇల్లు మొదటి ఏడాది 5 శాతం పెరిగితేనే కొన్నవాళ్ళు అద్దెవాళ్ళతో సమానంగా ఉన్నట్టు. అంతకన్నా పెరిగితే లాభం, తగ్గితే నష్టం. ఏళ్ళు గడిచేకొద్దీ అసలు తరిగి ఈ తేడా తగ్గుతుంది, నిజమే. కానీ నాలుగైదేళ్ళలో ఉద్యోగం బెంగళూరుకో పుణేకో మారి ఇల్లు అమ్ముకోవాల్సి వస్తే రిజిస్ట్రేషన్‌కు పోసిన ఏడున్నర లక్షలు వెనక్కి రావు. వాటితో రెండేళ్ళ మీద మూడు నెలలు అద్దె కట్టవచ్చు.

పన్ను రాయితీ మాటేమిటంటారు. పాత పన్ను విధానంలో సొంతింటి రుణంపై ఏడాదికి రెండు లక్షల వడ్డీ దాకా మినహాయింపు ఉంది. 2023-24 నుంచి, మనం వేరే కోరుకోకపోతే, కొత్త విధానమే వర్తిస్తోంది. అందులో సొంతానికి ఉంటున్న ఇంటికి ఈ మినహాయింపు లేదు. వాయిదా స్థిరంగా ఉంటుందన్న నమ్మకమూ సగమే నిజం. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రిజర్వ్ బ్యాంకు రెపో రేటు 4 శాతం నుంచి 6.5కి పెరిగింది, దాంతో ఇంటి అప్పుల వడ్డీ కూడా పెరిగింది. ఎంతోమందికి నెలవాయిదా మారలేదు కానీ అప్పు గడువు చడీచప్పుడు లేకుండా ఏళ్ళకేళ్ళు సాగిపోయింది. వాయిదా పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది రుణగ్రహీతను అడిగి తీరాలని 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది.

అద్దె ఏటా పెరుగుతుంది, వాయిదా పెరగదు కదా అన్నది గట్టి అభ్యంతరమే. దాన్ని తోసిపుచ్చలేం. 27 వేల అద్దె ఏడాదికి 7 శాతం చొప్పున పెరిగితే పద్నాలుగో ఏట మన వాయిదాను దాటుతుంది. 10 శాతం చొప్పున పెంచే యజమాని దొరికితే పదో ఏటే దాటేస్తుంది, 5 శాతమైతే పంతొమ్మిదో ఏడు దాకా పడుతుంది. అంటే ఒకేచోట ఇరవై ఏళ్ళు కదలకుండా ఉండే కుటుంబానికి కొనడం తప్పు కాదు. అద్దె, ఇంటి ధర రెండూ ఏటా 5 శాతం పెరుగుతాయనీ, అద్దెవాళ్ళు మిగిలిన ప్రతి రూపాయినీ 7 శాతానికి పొదుపు చేస్తారనీ అనుకుని ఇరవై ఏళ్ళ లెక్క వేస్తే ఇద్దరూ ఇంచుమించు ఒకేచోట తేలతారు. మిగిలిన డబ్బు నిజంగా ఎవరు దాస్తారు అన్న ప్రశ్న ఉండనే ఉంది. బ్యాంకు మెడ మీద కూర్చుంటే తప్ప పొదుపు చేయలేని ఇళ్ళు చాలా ఉన్నాయి. వాళ్ళకు వాయిదా ఒక క్రమశిక్షణ. రిటైరయ్యాక పెన్షన్ లేని రోజుల్లో అద్దె కట్టనక్కర్లేకపోవడం ఎంత నిబ్బరమో కూడా ఒప్పుకోవాలి. కాబట్టి కొనడం మూర్ఖత్వమని నేను అనడం లేదు. లెక్క కాలం మీద ఆధారపడి ఉంది, ఆ కాలం ఎంతో తమకే తెలియని వయసులో జనం సంతకాలు పెడుతున్నారు, నా బాధ అది.

ధరలు మాత్రం పెరుగుతూనే ఉంటాయి, హైదరాబాద్‌లో నష్టపోయినవాళ్ళు ఉన్నారా అని అడిగేవాళ్ళు తాతల నాటి ఇంటి స్థలాన్ని తలచుకుని అడుగుతారు. పెరిగింది భూమి. కట్టడం మాత్రం ఏటేటా పాతబడుతుంది. రెండు వందల గజాల్లో ఇల్లు కట్టుకున్నవాళ్ళకు రెండు వందల గజాలూ ఉన్నాయి. నలభై అంతస్తుల టవర్‌లో ఫ్లాటు కొన్నవాళ్ళకు పత్రాల్లో రాసే అవిభాజ్యపు వాటా ఎన్ని గజాలో చూస్తే మన బాల్కనీ కన్నా పెద్దదేం కాదనిపిస్తుంది. 2006 నుంచి హైదరాబాద్‌లో ఎత్తైన భవనాలకు ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలాన్ని బట్టి ఎంత విస్తీర్ణం కట్టవచ్చన్న హద్దు, లేదు కాబట్టి ఒకే ఎకరంలో ఎన్ని ఇళ్ళైనా పేర్చవచ్చు, ఆ మేరకు ఒక్కొక్కరి వాటా చిక్కిపోతుంది. ధర పెరుగుదలలో ప్రభుత్వం పాత్రా తక్కువ కాదు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. అంత పోసి కొన్న నిర్మాణ సంస్థ ఆ ధరను ఫ్లాటు కొనేవాళ్ళ దగ్గరే రాబట్టుకుంటుంది. ఖజానాకు ఆదాయం వచ్చిందని సంబరపడ్డ రోజే చుట్టుపక్కల మధ్యతరగతి ఇల్లు మరో మెట్టు పైకి పోయింది.

ఇన్ని లెక్కల తర్వాత కూడా జనం ఎందుకు కొంటున్నారంటే, అద్దె ఇంట్లో వాళ్ళకు లేనిదేమిటో వాళ్ళకు బాగా తెలుసు. మన అద్దె ఒప్పందాలు పదకొండు నెలలకే రాస్తారు. ఏడాది దాటిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది, ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోవడానికి పుట్టిన అలవాటు ఇది. దాని ఫలితం మాత్రం ఏ కుటుంబమూ పన్నెండో నెల గురించి ధైర్యంగా ఆలోచించలేకపోవడం. యజమాని కొడుకు అమెరికా నుంచి వస్తున్నాడంటే ఖాళీ చేయాలి, పిల్లల పరీక్షలున్నా చేయాలి. టూలెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే అద్దె ఎంతో చెప్పేముందే ఏ ఊరివాళ్ళు, ఏమిటోళ్ళు, నాన్‌వెజ్ తింటారా అనే ప్రశ్నలు వస్తాయి. ముస్లింలకు, దళితులకు, ఒంటరి ఆడవాళ్ళకు ఆ సంభాషణ అక్కడితోనే ముగియడం మామూలే. అన్నిటికన్నా కఠినమైనది మరొకటుంది. అద్దె ఇంట్లో ఎవరైనా చనిపోతే శవాన్ని లోపల ఉంచనివ్వని యజమానులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ఆస్పత్రి నుంచి తెచ్చిన తల్లినో తండ్రినో వీధిలోనే ఉంచి, కర్మకాండలు ఎక్కడ చేయాలో తెలియక తిరిగిన కుటుంబాల గురించి పత్రికల్లో చదువుతూనే ఉంటాం. అమ్మానాన్నలు పెద్దవాళ్ళవుతున్నారు, ఇక సొంతిల్లు ఉండాలి అని ఒకరు అన్నారంటే ఆ మాట వెనక ఈ భయం కూడా ఉంది. మొదటి ఏడాది అదనంగా పోసే ఆ అయిదు లక్షలు చాలావరకు ఈ భయం నుంచి బయటపడటానికి కడుతున్న ధరే.

ఈ భయం ప్రకృతి సిద్ధమైనదేం కాదు. జర్మనీలో సగానికి పైగా జనం అద్దె ఇళ్ళలోనే ఉంటారు, వాళ్ళంతా పేదలు కారు. అక్కడ ఒప్పందాలకు సాధారణంగా గడువు ఉండదు, చట్టం ఒప్పుకునే కారణం చూపకుండా ఖాళీ చేయించలేరు, ఉంటున్నవాళ్ళ అద్దెను మూడేళ్ళలో 20 శాతానికి మించి, ఇళ్ళ కరువున్న నగరాల్లో 15 శాతానికి మించి పెంచలేరు. అక్కడ ఇల్లు కొనడం ఒక ఎంపిక. మన దగ్గర కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో నమూనా అద్దె చట్టానికి ఆమోదం తెలిపింది. రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి, నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదు, అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాసి చెప్పాలి, వివాదాలకు ప్రత్యేక కోర్టులుండాలి అన్నవి అందులోని ముఖ్యాంశాలు. భూమి రాష్ట్రాల పరిధిలోది కాబట్టి ఎక్కడికక్కడ చట్టం చేస్తేనే ఇది అమలవుతుంది. అప్పుడైనా ఇందులో ఒక లోటు మిగిలిపోతుంది. ఎంతకాలం ఉండనివ్వాలన్నది ఒప్పందానికే వదిలేసింది.

అద్దెవాళ్ళకు అన్ని హక్కులిస్తే ఇల్లు ఎవరిస్తారని యజమానులు అడుగుతారు. ఖాళీ చేయకుండా ఏళ్ళతరబడి కోర్టుల చుట్టూ తిప్పినవాళ్ళ కథలు వాళ్ళ దగ్గరా ఉన్నాయి, పెన్షన్‌కు బదులు ఒక్క వాటా అద్దె మీదే బతికే ముసలి దంపతుల భయాన్ని చులకన చేయకూడదు. 2011 జనగణనలో దేశంలోని పట్టణాల్లో కోటికి పైగా ఇళ్ళు ఖాళీగా తేలాయంటే ఆ భయానికీ అందులో భాగం ఉంది. మూడు శాతం అద్దె కోసం తలనొప్పి ఎందుకని తాళం వేసి, ధర పెరిగేదాకా కూర్చున్నవాళ్ళు ఎందరో. అందుకే నమూనా చట్టం గడువు దాటినా కదలనివాళ్ళ మీద మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగు రెట్లు వేయమంటోంది. వివాదం అరవై రోజుల్లో తేలుతుందన్న నమ్మకం కుదిరితే మూడేళ్ళ ఒప్పందం రాయడానికి యజమాని జంకడు. ఆ మూడేళ్ళ లీజు రిజిస్ట్రేషన్‌ను వందల రూపాయల్లో, ఇంట్లో కూర్చునే పూర్తయ్యేలా చేయడం రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో పని. అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా అద్దెకు దిగిన కుటుంబానికి, ఆమె పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా కదలనక్కర్లేదని కాగితం మీద రాసి ఉంటే, వాళ్ళు ఈ ఏడాదే హడావిడిగా 75 లక్షల అప్పుకు సంతకం పెట్టనక్కర్లేదు. ఏ ఊళ్ళో స్థిరపడతారో తేలేదాకా ఆగి, పత్రాలన్నీ నిదానంగా చూసుకుని, అప్పుడు కొనుక్కుంటారు.